రోజుకి ఐదొందల లిమిట్టు

చిరంజీవి శ్రీనుకి మామయ్య ఆశీస్సులు. ఇక్కడ మేం క్షేమం. మీ అత్తయ్య మోకాలి నొప్పి ఒక్కటే తగ్గలేదు.

మొన్న పెళ్లిలో నువ్వు బంతిలో కూర్చుని ఎడంచేత్తో ఫోను నొక్కుతుంటే ఎదుటి వరసలోంచి చూశాను. విస్తట్లో పూర్ణంబూరె మీద నెయ్యి పేరుకుపోయినా నువ్వు ముట్టలేదు. మ్యాచ్ స్కోరు చూస్తున్నానన్నావు. స్కోరు చూసేవాడు పక్కవాడికి చెప్పకుండా ఉండలేడురా. నువ్వు మాత్రం మీ బాబాయి అటు రాగానే ఫోను బోర్లా పెట్టేశావు. అలా బోర్లా పెట్టడం నాకు బాగా తెలుసు. ఆ సాయంత్రమే రూము అడ్వాన్సుకని 35 వేలు అడిగావు. డబ్బులు పెట్టి ఆడుతున్నావా అని నిన్న ఫోన్లో గట్టిగా అడిగితే, "ఏదో సరదాకి మామయ్యా, లిమిట్ పెట్టుకునే ఆడుతున్నా, రోజుకి వెయ్యి దాటను" అన్నావు.

ఆ వెయ్యి గురించే ఈ ఉత్తరం. ఫోన్లో అయితే నువ్వు మధ్యలో "సరే సరే" అంటావు. అందుకని రాస్తున్నాను.

మీ అమ్మకి కూడా తెలియని సంగతి ఒకటి చెప్తాను. క్లబ్బులో పాతికేళ్లు పేకాడినవాణ్ణి నేను. అది అందరికీ తెలిసిందే. క్లబ్బు రాత్రి పదింటికి మూసేవాళ్లు. డబ్బులైపోతే ఎవరో ఒకరి మొహం చూసి అప్పడగాలి, ఆ సిగ్గుకే లేచొచ్చేసేవాణ్ణి. టీ తెచ్చే కుర్రాడు కూడా "ఇవాళ చాల్లెండి సార్" అనేవాడు. 2018లో కరెంటాఫీసులో అకౌంట్స్ చూస్తున్నప్పుడు ఫోన్లో రమ్మీ మొదలెట్టాను. అందులో పదింటికి తలుపులు మూసేవాడు లేడు. రాత్రి రెండింటికి కూడా నీతో ఆడటానికి ఐదుగురు సిద్ధంగా ఉంటారు. అప్పు అడగాల్సింది మనిషిని కాదు, ఇంకో యాప్‌ని. దానికి మొహం లేదు కాబట్టి సిగ్గూ లేదు.

నేనూ లిమిట్ పెట్టుకున్నాను. రోజుకి 500. అకౌంట్స్ వాణ్ణి కదా, చిన్న డైరీలో రాసుకునేవాణ్ణి కూడా. పదో రోజో పన్నెండో రోజో 500 పోయాక, రేపటి 500 ఇవాళే వాడుకుని రేపు ఆడకపోతే సరిపోతుంది కదా అనిపించింది. లెక్క ప్రకారం తప్పేమీ లేదు! అలా అడ్వాన్సులు తీసుకుంటూ పోయి నాలుగో నెలకల్లా మరుసటి ఏడాది దసరా దాకా నా కోటా వాడేశాను. ఆ తర్వాత డైరీ రాయడం మానేశాను.

అసలు లిమిట్టనేది ఎవరికి పనికొస్తుందో చెప్తాను. సంక్రాంతికి అరుగు మీద బావమరుదులంతా కూర్చుని పది రూపాయల పందెంతో ఆడతారు చూడు, భోజనానికి పిలవగానే ముక్కలు పడేసి లేచిపోతారు, వాళ్లకి. సినిమా టిక్కెట్టు లాగా పోయినా పర్లేదనుకున్న డబ్బు, అప్పు తేని డబ్బు, అయిపోతే లేచిపోయే కాలు. ఈ మూడూ ఉన్నవాడికి లిమిట్ పెట్టుకోవాల్సిన పనే ఉండదు, అది వాడిలోనే ఉంటుంది. సొంతంగా పెట్టుకున్న గీతని ఒకసారి దాటి, దానికి ఒక కారణం కూడా కనిపెట్టినవాడు మళ్లీ కొత్త గీత గీసుకుని లాభం లేదు. నువ్వు ఎన్నిసార్లు దాటావో నాకు చెప్పనక్కర్లేదు, నీకు తెలుసు.

స్కిల్ గేమ్ అంటావని కూడా తెలుసు. నేనూ అన్నాను. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అని 1967లో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. ఆ కేసు మన సికింద్రాబాదు క్లబ్బుదే. కానీ క్లబ్బు ఆ ఆట మీద లాభం చేసుకుంటుంటే అది నేరం కావచ్చని కూడా అదే తీర్పులో ఉంది. ఆ ముక్క ఎవరూ చెప్పరు. నేనాడిన యాప్ ప్రతి ఆటలోనూ నూటికి పది కోసుకునేది. కాగితం మీద వేసి చూడు. నీ అంత తెలివైనవాళ్లతోనే ఆడుతున్నావనుకుందాం, గెలుపోటములు సమానంగా వస్తున్నాయనుకుందాం. వెయ్యి రూపాయలు ఏడుసార్లు చేతులు తిరిగేసరికి మిగిలేది 478. ఎవడూ నిన్ను ఓడించలేదు, అయినా సగం పైన పోయింది. ఇక పాయింటు రూపాయి టేబుల్లో ఫుల్ కౌంట్, అంటే 80 పాయింట్లు, పడితే పోయేది 80 రూపాయలు. పాయింటు పది రూపాయల టేబుల్‌కి వెళ్తే అదే చెయ్యికి 800. ఆ టేబుల్ నుంచి ఈ టేబుల్‌కి రావడానికి ఒక్కసారి వేలు జరిపితే చాలు.

క్రికెట్ బెట్టింగ్ నాకు అలవాటు లేదు. నువ్వాడేది అదేనని అనుకుంటున్నాను. ఓవరు ఓవరుకీ, బంతి బంతికీ పందెం అట. అది రమ్మీ కన్నా వేగం.

ఇంకో సంగతి కూడా చూడు. 2017లో తెలంగాణ, 2020లో మన ఆంధ్ర ఈ ఆన్‌లైన్ డబ్బులాటల్ని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసి, స్కిల్లా అదృష్టమా అన్న తేడానే తీసేసింది. ఆడించేవాడికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రచారం చేసేవాడికి రెండేళ్లు, 50 లక్షలు. పేరున్న కంపెనీలు డబ్బులాటలు ఆపేశాయి. అంటే ఇవాళ నీ ఫోన్లో నడుస్తున్నది ఏ దేశంలోనో కూర్చున్నవాడి దుకాణం. టెలిగ్రామ్‌లో లింకు పంపుతాడు, డబ్బు వెయ్యమని ఇచ్చే యూపీఐ ఐడీ ఇవాళ ఒకటి, రేపు ఇంకొకటి. గెలుపు డబ్బంటూ నీకు పంపేది మోసపోయిన మరొకడి సొమ్ము కావచ్చు. వాడు సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇస్తే, ఆ సొమ్ము ఎన్ని అకౌంట్లు తిరిగిందో వాటన్నిటి మీదా హోల్డ్ పడొచ్చు. నీ జీతం పడే అకౌంటూ అదే కదా? ఇంటి అద్దె కట్టాల్సిన రోజున తెలుస్తుంది.

ఇవన్నీ పక్కన పెట్టు. జబ్బు ఎక్కడ మొదలవుతుందో చెప్తాను. డబ్బు పోయినప్పుడు కాదు. పోయినదాన్ని అక్కడే రాబట్టాలని మళ్లీ కూర్చున్నప్పుడు. ధర్మరాజు జూదం అనగానే అందరికీ సభ, ద్రౌపది గుర్తొస్తారు. నాకు ఆ తర్వాతది గుర్తొస్తుంది. పోగొట్టుకున్న రాజ్యమంతా ధృతరాష్ట్రుడు తిరిగి ఇచ్చేశాడు. రథాలెక్కి ఇంద్రప్రస్థం దారి పట్టారు. మళ్లీ రమ్మని కబురొస్తే వెనక్కి తిరిగొచ్చి కూర్చున్నాడు! చిన్నప్పుడు హరికథలో విని, ఇదేం తెలివి అనుకునేవాణ్ణి.

నేనూ అదే చేశాను. 2019 జూన్‌లో మీ అత్తయ్యకి బ్యాంకు మెసేజి కనపడింది. ఆ రాత్రి ఏడ్చి ఒప్పుకున్నాను. ఎంత అంటే మూడు లక్షలన్నాను. అసలు అంతకి దాదాపు రెట్టింపు. పూర్తిగా చెప్పే ధైర్యం లేక సగం చెప్పాను. ఆవిడ మారుమాట్లాడకుండా గాజులూ గొలుసూ కుదువపెట్టి మూడు లక్షలూ నా చేతిలో పెట్టింది. చెప్పని సగం లోపల కుమ్ముతోంది కదా, దాన్ని ఆవిడకి తెలియకుండా పూడ్చెయ్యాలి. మూడు వారాలు ఆగానేమో. మళ్లీ ఆడాను, బాత్రూములో, ఫోను వెలుతురు తగ్గించి, కుళాయి తిప్పి.

అప్పట్లోనే ఒక చిన్న మీట నన్ను బాగా ముంచింది. ఒకరోజు 22 వేలు గెలిచాను. వెంటనే విత్‌డ్రా కొట్టాను. రెండు రోజుల్లో బ్యాంకులో పడుతుందని వచ్చింది. దాని కిందనే "క్యాన్సిల్" అని చిన్న మీట. మొదటి రాత్రి నొక్కలేదు. రెండో రాత్రి 5 వేలకి నొక్కాను, తెల్లారేలోగా మొత్తానికీ నొక్కేశాను. డబ్బు వెయ్యడానికి ఒక్క సెకను, తీసుకోవడానికి రెండు రోజులు ఎందుకు పడుతుందో ఆ తెల్లవారుజామున అర్థమైంది. ఓ వారం ఆడకపోతే ఫోన్ చేసి "సార్, మీ కోసం స్పెషల్ బోనస్" అనేది ఒక అమ్మాయి. మన చుట్టాల్లో ఎవరూ నన్నంత క్రమం తప్పకుండా పలకరించలేదు.

తర్వాత గుంటూరులో మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లాను. పిచ్చాసుపత్రి డాక్టరేమోనని చెప్పులు బయట విడుస్తూ కూడా వెనక్కి పోదామనుకున్నాను. ఆయన తొమ్మిది ప్రశ్నలు అడిగాడు. ఏడాదిలో నాలుగింటికి అవునన్నా జబ్బు కిందే లెక్కట. పందెం పెంచితే గానీ ఆనందం రావట్లేదా, మానదామంటే చిరాకొస్తోందా, మానాలని చూసి మానలేకపోయారా, పనిలో ఉన్నా ఆట మీదే ధ్యాసా, మనసు బాగోనప్పుడే ఆడతారా, పోయింది రాబట్టాలని మర్నాడే వెళ్తారా, ఇంట్లో అబద్ధాలు చెప్తున్నారా, ఉద్యోగమో కాపురమో చెడిందా, అప్పు తీర్చమని ఇంకొకరి మీద పడ్డారా. నాకు ఎనిమిది వచ్చాయి. ఉద్యోగం మాత్రం చెడలేదని గర్వంగా చెప్పాను. "సెక్షన్‌లో ఎన్నిసార్లు బాత్రూముకి వెళ్లేవారు?" అన్నాడు. అలా తొమ్మిదీ నిండాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో ఇది ఉందని, తాగుడు లాంటిదేనని చెప్పాడు. నాకు సిగ్గు కన్నా ముందు కాస్త ఊపిరాడింది. చెడ్డవాణ్ణి అనుకుంటూ ఉన్నాను, రోగినన్నాడు.

ఇక నువ్వు చెయ్యాల్సింది. ముందు ఏడాది బ్యాంకు స్టేట్‌మెంటూ, యూపీఐ లెక్కా ప్రింటు తీయించు. ఫోన్లో చూస్తే కుదరదు, వేలితో పైకి తోసేస్తావు. పెన్సిలుతో ఒక్కో వరసకీ టిక్కు పెట్టు, వేసింది ఒకవైపు, తీసింది ఒకవైపు. నా పద్నాలుగు నెలల లెక్క ఇది: వేసింది 8,72,400, తీసింది 2,31,000. పోయింది 6,41,400. కూడకముందు నన్ను అడిగితే ఒట్టేసి నాలుగు దాటదు అనేవాణ్ణి.

ఆ అంకె ఒకరికి చెప్పు, మొత్తం. నాకు చెప్తావో, మీ ఆవిడ స్వాతికి చెప్తావో నీ ఇష్టం. స్వాతికే చెప్పడం మేలు. సగం చెప్తే ఏమవుతుందో పైన రాశాను.

డబ్బు దగ్గర తాళాలు నీ చేతిలో ఉంచుకోకు. జీతం స్వాతి చూసే అకౌంటుకి మార్చు. నీ ఫోన్లో ఉన్న అకౌంటులో వారం ఖర్చు మాత్రం ఉండాలి. క్రెడిట్ కార్డు కట్ చేసెయ్, యూపీఐ రోజు పరిమితి తగ్గించమని బ్యాంకులో చెప్పు. లోన్ యాప్‌లు తీసెయ్. వాళ్లెవరైనా ఫోటోలు మార్ఫింగ్ చేస్తామని, కాంటాక్టులకి పంపుతామని బెదిరిస్తే కట్టడానికి ఇంకో లోను తీసుకోకు, 1930కి చెప్పు.

మ్యాచ్ టైముకి ఒంటరిగా ఉండకు. సాయంత్రం ఏడున్నర నీకు గండం. ఆడాలనే కోరిక పాలపొంగులాంటిది, పొయ్యి దగ్గర నిలబడి చూస్తుంటే అంతా పొంగిపోయేలా ఉంటుంది, ఓ ఇరవై నిమిషాలు సెగ తీసేస్తే దానంతటదే దిగుతుంది. ఫోను ఇంట్లో పడేసి కూరగాయలకి వెళ్లు. నేనైతే మీ అత్తయ్యతో పోట్లాట పెట్టుకునేవాణ్ణి, టైము గడిచిపోయేది.

టెలీ మానస్ అని ప్రభుత్వ నంబరుంది, 14416. డబ్బులక్కర్లేదు, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. హైదరాబాదులో నువ్వుండే చోటికి ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి కూడా దూరం కాదు, ఎవరో చూస్తారని ఆగకు. ఇంకో మాట, దాచకుండా అడుగుతున్నాను. అప్పులు ముసిరినప్పుడు చచ్చిపోదామన్న ఆలోచన నాకు రెండుసార్లు వచ్చింది. నీకొస్తే ఆ క్షణమే నాకు ఫోన్ చెయ్. అర్ధరాత్రయినా సరే, నేను మేలుకునే ఉంటాను, ఈ వయసులో నిద్రెక్కడిది.

నీ 35 వేలు నేనివ్వను. కోపం తెచ్చుకో, పర్లేదు. మీ అత్తయ్య గాజులు నా చేతిలో ఏమయ్యాయో నాకు తెలుసు. ఎవరెవరికి ఎంత ఇవ్వాలో కాగితం మీద రాసుకుని రా, ఇద్దరం కూర్చుని ఏది ముందు, ఏది నెలనెలా అని వేసుకుందాం. మీ అమ్మకి ఎప్పుడు, ఎలా చెప్పాలో కూడా అప్పుడే.

ఆదివారం పొద్దున రైలుకి తెనాలి రా. స్టేట్‌మెంట్లు మర్చిపోకు. నా పాత లెక్కల పుస్తకం అటక మీంచి దింపించాను, టిక్కులు పెట్టింది అదే. మీ అత్తయ్య గోంగూర మాంసం చేస్తానంటోంది. పెన్సిళ్లు నా దగ్గరున్నాయి.

ఇట్లు,
మామయ్య