కొత్త సర్కారులో చేరిన మా సుధీర్‌కి

పశ్చిమ మాంబళం, చెన్నై

చిరంజీవి సుధీర్‌కి పెద్దమ్మ ఆశీస్సులు.

బెంగళూరులో లక్షణమైన ఉద్యోగం వదిలేసి ఆర్థికమంత్రి పేషీలో ఓఎస్‌డీగా, అంటే ప్రత్యేకాధికారిగా చేరావని మీ అమ్మ ఒకటే టెన్షన్ పడుతోంది. నేను మాత్రం సంతోషించాను. ఖజానా ఖాళీగా ఉన్నప్పుడు లోపల కూర్చుని ఆర్నెల్లలో నేర్చుకునేది, నిండుగా ఉన్నప్పుడు పదేళ్ళు కూర్చున్నా రాదు. మీ రాష్ట్రం పేరు ఇందులో ఎత్తను, ఉత్తరం ఎవరి కంట పడుతుందో ఏమో. నేను ఇక్కడి సచివాలయం ఫోర్ట్ సెయింట్ జార్జిలో ఆర్థికశాఖలో పనిచేసి రిటైరైనదాన్ని కాబట్టి తమిళనాడు సంగతులే ఎక్కువ చెబుతాను, విసుక్కోకు.

మంత్రిగారికి ఇద్దామనుకున్న నోట్ డ్రాఫ్ట్ చదివాను. అందులో రాసినవన్నీ మంచి పనులే. అయితే అన్నీ మొదటి వంద రోజుల్లోనే అయిపోవాలన్నావు. డబ్బు లేని ఇంట్లో పనుల జాబితా రాయడం ఎవరికైనా వచ్చు. ఎవరికి ముందు కట్టాలి, ఎవరిని ముందు అడగాలి, ఏది వాయిదా వేసి తిట్లు తినాలి అన్నది నీ నోట్‌లో ఎక్కడా లేదు. నేను చెప్పేదంతా దాని గురించే.

మొదటి వారం బడ్జెట్ పుస్తకాలు పక్కన పెట్టు. నాగపూర్‌లో రిజర్వ్ బ్యాంక్ కేంద్ర ఖాతాల విభాగం ఉంది. రాష్ట్రం ఖాతాలో నగదు ఎంత ఉందో చెబుతూ రోజూ అక్కడి నుంచే లెక్క వస్తుంది. దాన్ని ఆర్థికశాఖలో ఎవరు చూస్తారో కనుక్కుని ఆ మనిషితో స్నేహం చెయ్యి. హోదాలో చిన్నవాడే అయి ఉంటాడు, రాష్ట్రం సంగతి మాత్రం కార్యదర్శులందరికన్నా అతనికే బాగా తెలుస్తుంది. రిజర్వ్ బ్యాంక్ ఇచ్చే చేబదుళ్ళు ఎంతవరకు వాడేశారు, ఆ పరిమితి దాటి ఓవర్‌డ్రాఫ్ట్‌లో ఉన్నామా, ఉంటే ఈరోజు ఎన్నో రోజు అని అడుగు. ఓవర్‌డ్రాఫ్ట్ వరసగా 14 పనిదినాలు దాటితే రిజర్వ్ బ్యాంక్ రాష్ట్రం చెల్లింపులు ఆపేస్తుంది. అంత దూరం పోకుండా ఒడ్డున పడటానికే మంగళవారం మంగళవారం అప్పు కోసం బాండ్ల వేలానికి వెళ్తారు. ఒక కాగితం మీద రెండు గళ్ళు గీయి. ఈ మంగళవారం తెస్తున్న అప్పు ఒక గడిలో, అందులో పాత అప్పుకీ వడ్డీకీ పోయేది రెండో గడిలో రాసి మంత్రిగారి ముందు పెట్టు. లోటు శాతాలు చెబితే మంత్రులు తలూపుతారు. ఈ రెండు గళ్ళు చూస్తే కుర్చీలో కాస్త ముందుకు జరుగుతారు.

ఆ తర్వాత శ్వేతపత్రం, అంటే ఖజానా అసలు పరిస్థితి జనానికి చెప్పే పత్రం. ఇక్కడ 2001 ఆగస్టులో పొన్నయ్యన్ ఆర్థికమంత్రిగా ఉన్నప్పుడు ఒకటి వచ్చింది, 2021 ఆగస్టు 9న పళనివేల్ త్యాగరాజన్ ఒకటి తెచ్చారు. ఒక్కో కుటుంబం నెత్తిన 2,63,976 రూపాయల అప్పు ఉందని ఆయన చెప్పిన అంకె జనానికి ఎక్కింది. లక్షల కోట్లంటే ఎవరి ఊహకూ అందదు, ఇంటి లెక్కలో చెబితే అందుతుంది. మీరూ అలాగే చెప్పండి. పాతవాళ్ళని తిట్టడానికే వాడితే మాత్రం దాని బలం మూడు నెలలు కూడా ఉండదు. కార్పొరేషన్ల పేరుతో తెచ్చిన అప్పులు, ఇచ్చిన గ్యారంటీలు, కట్టని బిల్లులు అన్నీ అందులో ఉండాలి. రాష్ట్ర బడ్జెట్ నుంచి తీర్చే కార్పొరేషన్ అప్పును కూడా కేంద్రం 2022 నుంచి రాష్ట్రం రుణ పరిమితిలోనే కలిపి లెక్కేస్తోంది, కాబట్టి దాచి మీరు బావుకునేదేమీ లేదు.

ఇప్పుడు అసలు సంగతి, పెండింగ్ బిల్లులు. దీని మీద నీ నోట్‌లో ఒకే ఒక్క వాక్యం ఉంది. ట్రెజరీలో టోకెన్ (బిల్లు అందినట్టు ఇచ్చే నంబరు) పడి నెలల తరబడి ఆగిన బిల్లుల్లో పెద్ద కాంట్రాక్టర్‌వీ ఉంటాయి, హాస్టల్‌కి కూరగాయలు వేసే మనిషివీ ఉంటాయి. పెద్దాయనకి బ్యాంకు ఉంది, లాయర్ ఉన్నాడు, మంత్రిగారి ఇంట్లో టిఫిన్ వేళకి వచ్చి కూర్చునే చొరవ కూడా ఉంది. కూరగాయలాయన వార్డెన్‌ని అడుగుతాడు. వార్డెన్ ట్రెజరీ మీదికి నెడతాడు, ట్రెజరీవాళ్ళు పైనుంచి రిలీజ్ కాలేదంటారు. ఆయన వడ్డీకి తెచ్చి ఇంకో నెల సరుకు వేస్తాడు, ఆ పై నెల వంకాయలు పుచ్చువి వస్తాయి. హాస్టల్ పిల్లల కంచంలోకి ఆర్థిక సంక్షోభం వచ్చేది ఆ దారినే.

అందుకని ఇంత మొత్తం అని ఒక గీత గీసి, దానికి లోపలున్న బిల్లులన్నీ ముందు తీర్చేయమని చెప్పు. మెస్ బిల్లులు, అంగన్‌వాడీ సరుకు, ఆసుపత్రి మందులు, పొరుగుసేవల సిబ్బంది జీతాలు వీటిలోకి వస్తాయి. లిస్టులో ఇవి చాంతాడంత ఉంటాయి కానీ మొత్తం సొమ్ములో వీటి వాటా మీరు భయపడినంత ఉండదు. గీతకు పైన ఉన్నవాటిని టోకెన్ తేదీ ప్రకారం వరసలో పెట్టి, ఆ వరసను జనం చూసేలా బయట పెట్టండి. దీనికి ఆర్థికశాఖలోనే అడ్డుపడతారు చూడు. వరస బయటపడితే సిఫారసుకు విలువ ఉండదు కదా.

బియ్యం జోలికి పోవద్దు. రేషన్‌లో దొంగ కార్డులు ఏరెయ్యాలనుకుంటే రెండో ఏడాది చూసుకోవచ్చు.

ఎవరిని అడగాలి అన్నదానికి 2003 ఇక్కడ నేర్పిన పాఠం ఉంది. శ్వేతపత్రం తర్వాత జయలలిత ప్రభుత్వం పొదుపు మొదలుపెట్టింది. ఉద్యోగుల సదుపాయాలకు కోత పెట్టారు, రైతులకు ఉచిత కరెంటు తీసేశారు, కొంత ఆదాయం దాటినవాళ్ళకు రేషన్ బియ్యం ఆపేశారు. 2003 జూలైలో ఉద్యోగులు సమ్మెకు దిగితే సుమారు 1.7 లక్షల మందిని డిస్మిస్ చేశారు. ఆ రోజుల్లో మా సెక్షన్‌లో బల్లలన్నీ ఖాళీ. ఒక్క సంతకం కోసం ఫైలు చంకలో పెట్టుకుని అంతస్తులెక్కి దిగేవాళ్ళం. 2004 లోక్‌సభ ఎన్నికల్లో జయలలిత కూటమికి రాష్ట్రంలో 39 సీట్లూ పోయాయి. ఆ మే నెలలోనే ఉచిత కరెంటుతో సహా ఒక్కొక్కటీ వెనక్కిచ్చేశారు. వాళ్ళ లెక్క తప్పని నేను అనను. 2006 తర్వాత కొన్నేళ్ళు తమిళనాడు రెవెన్యూ మిగులులో, అంటే రోజువారీ ఖర్చులు పోగా ఆదాయం మిగిలే స్థితిలో ఉందంటే ఆ కోతలకూ, 2003లో తెచ్చిన ఆర్థిక బాధ్యత చట్టానికీ అందులో వాటా ఉంది. కానీ ఉద్యోగిని, రైతుని, మధ్యతరగతిని ముగ్గురినీ ఒక్క ఊపులో శత్రువుల్ని చేసుకుంటే లెక్క ఎంత సరిగా ఉన్నా దాని తరఫున మాట్లాడే దిక్కుండదు. ఒకసారికి ఒకరిని అడగండి. అంతకుముందు మీ కాన్వాయ్‌లు, బంగళాల రిపేర్లు, సలహాదారుల సైన్యం తగ్గించండి. వాటితో మిగిలేది పిసరంతే అయినా, అడిగే నోటికి హక్కు వస్తుంది.

పన్ను తగ్గించమని మొదటి నెలలోనే ఎవరో ఒకరు చెవిలో వేస్తారు. శ్రీలంకలో 2019 చివర్లో కొత్త ప్రభుత్వం వస్తూనే వ్యాట్‌ను 15 శాతం నుంచి 8కి దించింది. ఆ తర్వాత కోవిడ్‌తో టూరిజం పడిపోయింది, రసాయన ఎరువులను ఉన్నట్టుండి నిషేధించారు. అన్నీ కలిసి 2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పులు కట్టలేమని చేతులెత్తేశారు. ఆ మే నెలలో బియ్యం, పాలపొడి, మందులు వేసుకుని వాళ్ళకోసం ఓడ బయల్దేరింది ఈ చెన్నై హార్బర్ నుంచే. తమిళనాడులో కూడా శ్వేతపత్రం వచ్చిన నాలుగు రోజులకే పెట్రోలు మీద లీటరుకు 3 రూపాయలు తగ్గించారు. ఏడాదికి 1,160 కోట్లు పోతాయని వాళ్ళే చెప్పారు. టూవీలర్ మీద పనికెళ్ళేవాడికి ఊరట అన్నారు, నిజమే కావచ్చు. నాకు మాత్రం ఆ పని అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. జీఎస్టీ వచ్చాక రాష్ట్రం చేతిలో మిగిలినవే కొన్ని: పెట్రోలు, మద్యం, రిజిస్ట్రేషన్లు, వాహనాలు. అందులో ఒకటి వదులుకుని మంగళవారం మళ్ళీ అప్పుకు పోవడమెందుకు?

కరెంటు చార్జీలు ఏటా కొంచెం పెంచడమే మేలు. ఇక్కడ ఎనిమిదేళ్ళు ముట్టుకోకుండా ఉంచి 2022 సెప్టెంబర్‌లో ఒకేసారి పెంచితే ఎంత గోల అయిందో వీధి వీధినా విన్నాను.

నోట్‌లో 1991 ఆర్థిక సంక్షోభం గురించి రెండు పేజీలు రాశావు. పీవీగారంటే మన తెలుగువాళ్ళకు ఉండే అభిమానం నాకూ ఉంది. కానీ రూపాయి విలువ తగ్గించడం, బంగారం తాకట్టు పెట్టడం కేంద్రం చేయగలిగిన పనులు, మీ మంత్రికి ఆ వెసులుబాటు లేదు. అందులో మీకు పనికొచ్చే ముక్క చిన్నది. ఆ జూలై 24 బడ్జెట్‌లో మన్మోహన్ సింగ్ ఎరువుల ధర 40 శాతం పెంచారు. సొంత పార్టీవాళ్ళే ఒప్పుకోలేదు. చివరికి 30 శాతం దగ్గర ఆగి, చిన్న, సన్నకారు రైతులకు మినహాయింపు ఇచ్చారు. మైనారిటీ ప్రభుత్వమైనా పని జరిగింది. మీ మంత్రి కూడా ఏదైనా పెంచేముందు ఎక్కడివరకు తగ్గగలరో లోపల తేల్చుకుని బయటికి రావాలి. అసెంబ్లీలో నిలబడి అప్పటికప్పుడు బేరమాడకూడదు.

ఇక హామీలు. ఎన్నికల్లో చెప్పినదాన్ని చేయలేమనకండి, తారీఖు మార్చండి. ఇంటి ఆడవాళ్ళకు నెలకు 1,000 రూపాయలిస్తామని 2021లో ఇక్కడ చెప్పిన మాట 2023 సెప్టెంబర్ 15న మొదలైంది, అదీ అర్హతలు పెట్టి. రెండేళ్ళూ ప్రతిపక్షం ఆడిపోసుకుంది. అయినా మొదలయ్యాక కోటికి పైగా ఖాతాల్లో పడింది. వచ్చీ రాగానే మొదలుపెట్టి మూడో నెలలో ఎగ్గొడితే జనం ఊరుకునేవాళ్ళా?

శంకుస్థాపనలకు మంత్రిగారిని పిలిస్తే ఈ ఏడాదికి వద్దని చెప్పు. ముప్పాతిక వంతు అయి ఆగిన వంతెనలు, కాలవలు, ఆసుపత్రి భవనాలు ఎన్ని ఉన్నాయో జిల్లాల నుంచి తెప్పించు. కొద్ది డబ్బుతో పూర్తయ్యేవి ముందు తియ్యి. రిబ్బన్ కత్తిరించే ఫొటో వాటికీ వస్తుంది కాబట్టి మంత్రిగారు పెద్దగా బాధపడరు.

నోట్ తిరగరాసి పంపు. మూడు పేజీలు దాటితే నేను చదవను, మీ మంత్రి అసలే చదవరు. ఈసారి సెలవు మీద వచ్చేటప్పుడు ఆ పెండింగ్ బిల్లుల వరస అప్పటికి బయట పెట్టి ఉంటే ఒక కాపీ పట్టుకురా, కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ