మా ఇంటి గోష్ఠిలో గంజాయి గమ్మీలు పెట్టొచ్చా?

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలో సొంత ఇంట్లో ఉంటున్నాం. నాకు పోయినేడాది సిటిజన్‌షిప్ వచ్చింది. మా ఆవిడది గ్రీన్ కార్డ్, త్వరలో తనూ సిటిజన్‌షిప్‌కి దరఖాస్తు పెట్టుకోవాలి. నెలకోసారి పది పన్నెండు మంది స్నేహితులం మా ఇంట్లో కలిసి పద్యాలు, కథలు చదువుకుంటాం. దాదాపు అందరం నలభై దాటినవాళ్ళమే. మందు మానేసినవాళ్ళే ఎక్కువ. ఈసారి భోజనాలయ్యాక, ఇష్టమున్నవాళ్ళకి మాత్రం, లైసెన్సున్న దుకాణంలో కొన్న గంజాయి గమ్మీలు తక్కువ మోతాదులో పెడదామనుకుంటున్నాం. పిల్లల్ని ఆ రాత్రికి తెలిసినవాళ్ళింట్లో ఉంచుతాం. ఎవరూ కారు నడపరు. ఖర్చు తలా కొంత వేసుకుంటాం. వచ్చేవాళ్ళలో ఇద్దరు ముగ్గురు హెచ్-1బి మీద ఉన్నారు, ఒకాయన తమ్ముడు మాస్టర్స్ చదువుతున్నాడు. చట్టపరంగా ఇబ్బంది ఏమైనా ఉంటుందా?

జవాబు: ఉంటుందండీ. మీకు పెద్దగా ఉండకపోవచ్చు. మీ ఆవిడకీ, వీసా మీదున్న మీ స్నేహితులకీ మాత్రం చాలా ఉంటుంది. నా సలహా ముందే చెప్పేస్తాను: ఈ గోష్ఠిలో గంజాయి వద్దు. ఎందుకో వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇదే సందేహం మన వాళ్ళ ఇళ్ళల్లో చాలామందికి ఉంది, అడగడానికి మొహమాటపడుతున్నారు.

ముందు రాష్ట్ర చట్టం చూద్దాం. 2016 నవంబరులో కాలిఫోర్నియా ఓటర్లు ప్రతిపాదన 64ను ఆమోదించారు. అప్పట్నుంచి 21 ఏళ్ళు నిండినవాళ్ళు 28.5 గ్రాముల గంజాయి, 8 గ్రాముల గాఢ సారం దగ్గర ఉంచుకోవచ్చు, సొంత ఇంట్లో వాడుకోవచ్చు. అంతే మోతాదు 21 నిండిన మరొకరికి ఊరికే ఇవ్వొచ్చు కూడా. పిల్లల్ని దూరంగా ఉంచడం, తాగి కారు నడపకూడదన్న నియమాన్నే దీనికీ పెట్టుకోవడం, ఇష్టం లేనివాళ్ళని బలవంతపెట్టకపోవడం, ఇవన్నీ మీరు బాగానే ఆలోచించారు. ఆ చదువుకునే అబ్బాయికి 21 నిండాయో లేదో అన్నగారిని అడిగి తెలుసుకోండి. 21 లోపువాళ్ళకి ఇస్తే ఈ చట్టం మీకు అడ్డు నిలవదు. 18 లోపువాళ్ళకి ఇస్తే అది ఏళ్ళ తరబడి జైలు పడే నేరం.

మీ ఉత్తరంలో రాష్ట్ర చట్టానికి నేరుగా తగిలే మాట ఒకటుంది: "ఖర్చు తలా కొంత వేసుకుంటాం." ఇవ్వొచ్చు అని చెప్పిన ఆ సెక్షన్‌లోనే, బదులుగా ఏ రూపంలోనూ ప్రతిఫలం తీసుకోకుండా ఇవ్వాలని ఉంది. పప్పు, కూర, బియ్యం ఖర్చుతో కలిపి ఒకే లెక్క వేసి ఫోన్‌లో డబ్బు పంపించమంటే, అందులో గమ్మీల వాటా ఎంతో విడదీసి చూపించలేరు. లైసెన్సు లేకుండా అమ్మారనడానికి ఆ లావాదేవీయే కాగితం మీద రుజువవుతుంది. ప్రవేశ రుసుము, "విరాళం", పుస్తకం కొంటే గమ్మీ ఉచితం, ఇలాంటి ఏర్పాట్లన్నీ అదే లెక్కలోకి వస్తాయి. లాభం కోసం చెయ్యలేదనడం ఇక్కడ సమాధానం కాదు.

ఇక అసలు విషయానికి వస్తాను. గంజాయి ఫెడరల్ చట్టంలో, 1970 నాటి నియంత్రిత పదార్థాల చట్టం కింద, ఇప్పటికీ నిషిద్ధమే. రాష్ట్రం ఒప్పుకుంది కాబట్టి ఫెడరల్ చట్టం వర్తించదన్న వాదన కాలిఫోర్నియా నుంచే సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2005లో గొంజాలెస్ వర్సెస్ రైష్ కేసులో కోర్టు దాన్ని తోసిపుచ్చింది. డాక్టరు సలహా మీద ఇంట్లో వాడుకునే రోగుల విషయంలోనే ఆ తీర్పు వచ్చిందని గుర్తుంచుకోండి. గంజాయిని ఆ చట్టంలోని ఒకటో షెడ్యూల్ (అన్నిటికన్నా కఠినమైన జాబితా) నుంచి మూడో షెడ్యూల్‌కి మార్చాలన్న ప్రతిపాదన 2024 మేలో వచ్చింది. దాని మీద చాలామంది ఆశ పెట్టుకున్నారు. కానీ మూడో షెడ్యూల్‌లో ఉన్నది కూడా నియంత్రిత పదార్థమే, ఇమిగ్రేషన్ చట్టం చూసేది ఆ మాటే.

పది గమ్మీల కోసం ఫెడరల్ పోలీసులు మీ తలుపు తట్టరు, నిజమే. సిటిజన్‌కి ఆ ధైర్యం చాలు. సిటిజన్ కానివాళ్ళ సంగతి వేరు. వాళ్ళని అరెస్టు చెయ్యనక్కర్లేదు, కేసు పెట్టనక్కర్లేదు, వాళ్ళ నోటి మాట చాలు. నియంత్రిత పదార్థాల చట్టాన్ని అతిక్రమించానని, ఆ నేరంలోని అంశాలన్నిటితో సహా ఒప్పుకున్న విదేశీయుడు ఈ దేశంలోకి రావడానికి అనర్హుడని ఇమిగ్రేషన్ చట్టం అంటుంది. ఒప్పుకోవడం వీసా ఇంటర్వ్యూలో కావొచ్చు, విమానాశ్రయంలో అధికారి ముందు కావొచ్చు, గ్రీన్ కార్డ్ ఇంటర్వ్యూలో కావొచ్చు. వీసా స్టాంపింగ్‌కి (కాన్సులేట్‌లో పాస్‌పోర్టు మీద వీసా వేయించుకోవడానికి) నింపే డీఎస్-160 ఫారంలో, నియంత్రిత పదార్థాలకు సంబంధించిన ఏ చట్టాన్నైనా ఎప్పుడైనా అతిక్రమించారా అన్న ప్రశ్న ఉంది. మీ హెచ్-1బి మిత్రుడు వచ్చే ఏడాది ఇంటికెళ్ళి స్టాంపింగ్‌కి కూర్చున్నప్పుడు, మీ ఇంట్లో తిన్న గమ్మీకి ఆ ప్రశ్నలో చోటుంది. నిజం చెబితే ఒక చిక్కు. అబద్ధం చెబితే ఇంకా పెద్ద చిక్కు: కావాలని తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే ఆ అనర్హత జీవితాంతం వెంటాడుతుంది. ఇరవై ఏళ్ళ ఉద్యోగం, ఇల్లు, ఇక్కడ పుట్టిన పిల్లల చదువు, అన్నీ ఆ ఒక్క గడిలో పెట్టే టిక్కు మీద ఆధారపడే పరిస్థితికి స్నేహితుణ్ణి తీసుకెళ్ళకూడదని నా గట్టి అభిప్రాయం.

"30 గ్రాముల లోపైతే మినహాయింపు ఉంది కదా" అని కొందరు అంటుంటారు. ఉంది, కానీ అనుకున్నంత పెద్దది కాదు. దేశం నుంచి పంపించేసే సందర్భంలో, సొంత వాడకానికి 30 గ్రాములు, అంతకు తక్కువ దగ్గర ఉంచుకున్న ఒకే ఒక్క నేరానికి ఆ మినహాయింపు వర్తిస్తుంది. ఇందులో రెండు మాటలు గమనించండి. ఒకటి, "ఒకే ఒక్క". మీ గోష్ఠి నెలనెలా జరిగేది. రెండు, "సొంత వాడకానికి". పళ్ళెం పట్టుకుని అతిథుల ముందు పెట్టిన క్షణం అది సొంత వాడకం కాదు, పంచడం. డబ్బు తీసుకోకుండా కొద్దిగా పంచితే ఫెడరల్ చట్టం శిక్ష విషయంలో కాస్త మెత్తగా ఉంటుంది. మూడేళ్ళ వయసులో జమైకా నుంచి వచ్చిన ఒకాయన దగ్గర 1.3 గ్రాములు దొరికిన కేసులో, మాంక్రీఫ్ వర్సెస్ హోల్డర్, సుప్రీంకోర్టు 2013లో అలాంటి పంపకాన్ని అత్యంత తీవ్రమైన నేరాల కోవలో వెయ్యకూడదని చెప్పింది. అంతవరకే ఊరట. మత్తు పదార్థాల నేరమన్న ముద్ర పోలేదు. పైగా ఆ 1.3 గ్రాముల కోసం ఆయన సుప్రీంకోర్టు దాకా పోరాడాల్సి వచ్చింది.

ఇప్పుడు మీ ఆవిడ సంగతి. సిటిజన్‌షిప్‌కి సత్ప్రవర్తన చూపించాలి. సిటిజన్‌ని పెళ్ళి చేసుకుంటే 3 ఏళ్ళ ప్రవర్తన చాలంటారు గానీ, దానికి మీరు సిటిజన్ అయి 3 ఏళ్ళు నిండాలి. మీకు పోయినేడాదే వచ్చింది కాబట్టి తన విషయంలో 5 ఏళ్ళు చూస్తారు, ప్రమాణం చేసే రోజు వరకూ చూస్తారు. రాష్ట్రంలో నేరం కాకపోయినా, గంజాయికి సంబంధించి ఫెడరల్ చట్టాన్ని అతిక్రమిస్తే సత్ప్రవర్తన లేనట్టే లెక్కని ఇమిగ్రేషన్ శాఖ 2019 ఏప్రిల్‌లో తన మార్గదర్శకాల్లో స్పష్టంగా రాసింది. లైసెన్సున్న గంజాయి సంస్థలో ఉద్యోగాన్ని కూడా అందులో చేర్చింది. (డిస్పెన్సరీలకి, అంటే గంజాయి దుకాణాలకి, సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీల నుంచి పిలుపొచ్చిన మన పిల్లలు, గ్రీన్ కార్డ్ దశలో ఉంటే, ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టే ముందు లాయర్ని అడగాలి.) సిటిజన్‌షిప్ దరఖాస్తు అయిన ఎన్-400 ఫారంలో నియంత్రిత పదార్థాలు పండించారా, పంచారా, అమ్మారా అని అడుగుతారు. ప్రమాణం మీద చెప్పాల్సిన జవాబులవి. ఇల్లు ఇద్దరిదీ, వంటగది ఇద్దరిదీ, ఆహ్వానం ఇద్దరి పేరు మీదా వెళ్తుంది. "తెచ్చింది ఆయన, నేను ముట్టుకోలేదు" అని తను చెప్పుకోవాల్సిన అవసరమే రాకుండా చూడండి. మీ ఇంట్లోకి గంజాయి రావాలనే అనుకుంటే, అది మీ ఆవిడ ప్రమాణం చేశాకే రావాలి.

అతిథులకి ముందే చెప్పేసి ఎవరి నిర్ణయం వాళ్ళకి వదిలేస్తే చాలదా అని మీరు అడగొచ్చు. నేనూ దాని గురించి ఆలోచించాను. గదిలో కూర్చోవడం మాత్రాన ఎవరూ నేరస్థులు కారు, నిజమే. కానీ వాట్సాప్ గుంపులో వెళ్ళిన ఆ ఆహ్వానం అందరి ఫోన్లలోనూ ఉంటుంది. ఫొటోలు ఉంటాయి, మర్నాటి సరదా వ్యాఖ్యలుంటాయి. విమానాశ్రయంలో సరిహద్దు అధికారులు ఫోన్ తెరిచి చూడగలరు, దానికి వారంటు అడగకుండానే చూస్తుంటారు. ఇంకో సంగతి కూడా ఉంది. ఎవరి కాగితాలు ఏ దశలో ఉన్నాయో మన వాళ్ళు పైకి చెప్పుకోరు. ఐ-485 (గ్రీన్ కార్డ్ దరఖాస్తు) వేసి ఏళ్ళ తరబడి ఎదురుచూసేవాళ్ళు, ఉద్యోగం పోయి గడువు లెక్కపెట్టుకునేవాళ్ళు అదే గదిలో నవ్వుతూ కూర్చుని ఉంటారు. నీ వీసా ఏమిటని అడిగి పళ్ళెం ముందు పెట్టే గృహస్థు ఉండడు, ఉండకూడదు కూడా. అందుకే ఇలాంటి కలగలుపు గోష్ఠిలో ఆ పళ్ళెమే వద్దంటున్నాను.

కొన్నాళ్ళకి, అందరూ సిటిజన్లేనని మీకు నిజంగా తెలిసిన చిన్న బృందంతో కలిస్తే అప్పుడు మాట్లాడాల్సినవి వేరు. కొన్న పొట్లాంలోనే ఉంచి పెట్టండి, ఇంట్లో చేసిన బర్ఫీలో కలపకండి. రాష్ట్రంలో అమ్మే తినుబండారాల్లో మత్తునిచ్చే టీహెచ్‌సీ అనే పదార్థం ఒక మోతాదుకి 10 మిల్లీగ్రాములు, పొట్లానికి 100 మిల్లీగ్రాములు మించకూడదు. ఇంటి వంటలో ఏ ముక్కలో ఎంతుందో ఎవరూ చెప్పలేరు. తెలియకుండా ఒకరికి తినిపిస్తే అది నేరమే. తిన్నది పనిచెయ్యడానికి అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. ఇంకా ఏమీ కాలేదని రెండోది తినేవాళ్ళే ఆస్పత్రికి వెళ్ళేది. పొరపాటున పిల్లల చేతికి అందితే విషచికిత్స సహాయ కేంద్రం 1-800-222-1222కి వెంటనే ఫోన్ చెయ్యాలి.

బాధ్యత విషయంలో ఒక సంగతి చాలామంది లాయర్లు కూడా గమనించరు. పెద్దవాళ్ళకి మద్యం పోసిన గృహస్థు మీద, ఆ తర్వాత ఆ అతిథి చేసిన ప్రమాదానికి దావా వెయ్యకుండా కాలిఫోర్నియా సివిల్ కోడ్ 1714 రక్షణ ఇస్తుంది. ఆ రక్షణ మద్య పానీయాలకని రాసి ఉంది, గంజాయి పేరు అందులో లేదు. అంటే మీ ఇంటి నుంచి వెళ్ళిన అతిథి దారిలో ఎవరినైనా గుద్దితే, అజాగ్రత్త కింద మీ మీద దావా వెయ్యడానికి దారి తెరిచే ఉంది. ఇంటి బీమా ఆదుకుంటుందనుకోకండి, నియంత్రిత పదార్థాల వల్ల వచ్చిన నష్టం మా పూచీ కాదని చాలా పాలసీల్లో రాసే ఉంటుంది. మిగిలిన గమ్మీలని తెరిచిన పొట్లంతో కారు ముందు భాగంలో పెట్టుకెళ్ళకండి. రాష్ట్ర సరిహద్దు దాటించకండి, అవతలి రాష్ట్రంలో చెల్లినా సరే. ఇండియా వెళ్ళే పెట్టెలో అస్సలు వద్దు.

ఇది చదివి, ఇదివరకే ఎక్కడో తిన్నాం కదా అని భయపడేవాళ్ళు ఉంటారు. భయపడి ఫారంలో అబద్ధం రాయకండి. భయపడి అడగనివన్నీ చెప్పేసుకోనూ వద్దు. ఊరికే "అవును, ఒకసారి తిన్నాను" అన్నంత మాత్రాన అది చట్టం చెప్పే ఒప్పుకోలు అయిపోదు. నేరం నిర్వచనం అర్థమయ్యేలా వివరించి, ఆ వ్యక్తి స్వచ్ఛందంగా అంశాలన్నీ ఒప్పుకుంటేనే లెక్కలోకి వస్తుందని ఇమిగ్రేషన్ అప్పీళ్ళ బోర్డు 1957లో మేటర్ ఆఫ్ కె తీర్పులో చెప్పింది. అధికారి కాగితం రాసి సంతకం పెట్టమంటే, పూర్తిగా చదివి అర్థం కాకుండా పెట్టకండి. గ్రీన్ కార్డ్ వైద్య పరీక్షలో డాక్టరు మత్తు పదార్థాల గురించి అడుగుతారు. ఆ నివేదిక మీ ఇమిగ్రేషన్ ఫైల్లోకి వెళ్తుంది, అక్కడి మాటలు డాక్టరుకీ మీకూ మధ్యే ఉండిపోవు. అందుకని ఐ-485, ఎన్-400, స్టాంపింగ్, ఏది దగ్గరపడినా దానికి ముందే ఇమిగ్రేషన్ లాయర్ని విడిగా కలిసి, ఎప్పుడు, ఎక్కడ, ఎంత, ఎన్నిసార్లు అన్నది ఉన్నదున్నట్టు చెప్పండి. ఆ మాటలు లాయరు బయటపెట్టరు. కేసు రికార్డు ఏదైనా ఉంటే కోర్టు నుంచి సర్టిఫైడ్ కాపీ తీసుకుని మరీ వెళ్ళండి.