బ్రిటన్‌లో ఇంటి పన్ను పెంచడమా, బెనిఫిట్స్ కోయడమా? పన్నెండేళ్లుగా బిల్లు కడుతున్నవాడి జవాబు

బ్రిటన్ ప్రభుత్వానికి డబ్బు చాలట్లేదంటున్నారు, ఇళ్ల మీద పన్ను పెంచడం మేలా, పేదలకిచ్చే బెనిఫిట్స్ తగ్గించడం మేలా, మా అబ్బాయి సెప్టెంబరులో చదువుకి వస్తున్నాడు, అక్కడుంటున్నవాళ్లు చెప్పండి అని అడిగారు కదా. నేను 2014 నుంచి ఇక్కడే ఉన్నానండి, లండన్‌కి పడమటి పక్క ఒక ఊళ్లో. నా మాట ముందే చెప్పేస్తాను: పన్నే పెంచాలి. కానీ ఇప్పుడున్న పన్నుని ఇప్పుడున్నట్టే పెంచితే దండగ. ఇక బెనిఫిట్స్ కోస్తే పన్ను పెంచే పని తప్పుతుందని అనుకోవడం ఉందే, అది ఒట్టి భ్రమ. అదెలాగో దగ్గరుండి చూశాను కాబట్టే ఇంత పొడుగు రాస్తున్నా.

మొదట ఇక్కడి ఇంటి పన్ను సంగతి. మనకి ఇంటి పన్ను అంటే ఓనరు మున్సిపాలిటీకి కట్టేది. ఇక్కడ కౌన్సిల్ ట్యాక్స్ అంటారు (కౌన్సిల్ అంటే మన మున్సిపాలిటీ లాంటిది), ఇంట్లో ఎవరుంటే వాళ్లు కట్టాలి, అద్దెకున్నా సరే. ఈ ముక్క నాకు ఎవరూ చెప్పలేదు. షేరింగ్ ఇంట్లోంచి ఒక బార్బర్ షాపు పైన సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లోకి మారిన రెండో వారం ఒక గోధుమరంగు కవరొచ్చింది. ఓనరుకి వచ్చిన ఉత్తరం పొరపాటున మన డబ్బాలో వేశారనుకుని టీవీ వెనక పెట్టాను. ఇంకోటి వచ్చింది, అదీ టీవీ వెనకే. మూడోసారి వచ్చింది కోర్టు సమన్లు, దాని మీద ఖర్చులు వేరే కలిపి! ఒక్క వాయిదా తప్పి, రిమైండరు కూడా పట్టించుకోకపోతే ఏడాది మొత్తం ఒకేసారి కట్టమంటారు, ఆ తర్వాత వచ్చేది బెయిలిఫ్‌లు, అంటే బాకీ వసూలు చేసేవాళ్లు. నేను వీసా మీద ఉన్నవాణ్ని, కోర్టు అనే మాట చదివి ఆ రాత్రి నిద్రపోలేదు. ఆఫీసులో ఒక పెద్దాయన నవ్వి, ఫోన్ చేసి మాట్లాడు, వాయిదాలు వేస్తారు, ఒక్కడివే ఉంటున్నావు కాబట్టి పాతిక శాతం తగ్గింపు కూడా అడుగు అన్నాడు. అడిగాను, ఇచ్చారు.

సరే, ఆ పన్ను ఎలా లెక్కగడతారో చూస్తే ఇంకా తమాషాగా ఉంటుంది. ఈ కౌన్సిల్ ట్యాక్స్ 1993లో వచ్చింది. ఇంగ్లండ్‌లో ప్రతి ఇంటికీ 1991 ఏప్రిల్ 1న ఎంత పలికేదో ఆ ధరని బట్టి ఏ నుంచి హెచ్ దాకా బ్యాండ్లు, అంటే మెట్లు. ఆ తర్వాత ముప్పై ఏళ్లు గడిచినా మళ్లీ విలువ కట్టలేదు. వేల్స్ ఒక్కటే 2005లో కొత్త విలువలకి మారింది. మరి 2016లో కట్టిన ఇల్లు? అదే 1991లో ఉండుంటే ఎంతకి అమ్ముడుపోయేదో ఊహించి బ్యాండ్ వేస్తారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటే ఇదే. మా ఇప్పటి ఇల్లు అలాంటిదే.

అసలు అన్యాయం ఎక్కడుందో చూడండి. 1991 ధరల్లో 40 వేల పౌండ్ల లోపు ఇల్లు బ్యాండ్ ఏ, 3 లక్షల 20 వేలు దాటింది బ్యాండ్ హెచ్. ధరలో తేడా తక్కువలో తక్కువ ఎనిమిది రెట్లు. పన్నులో తేడా? ఒకే ఊళ్లో అయితే మూడంటే మూడు రెట్లు. పైగా ఒక్కో కౌన్సిల్‌కి ఒక్కో రేటు. ఇంగ్లండ్‌లో సగటు బ్యాండ్ డి బిల్లు 2025-26లో 2,280 పౌండ్లు. అదే లండన్ నడిబొడ్డున వెస్ట్‌మిన్‌స్టర్‌లో బ్యాండ్ డి వెయ్యి పౌండ్ల చుట్టుపక్కల ఉంటుంది, ఎందుకంటే అక్కడ కౌన్సిల్‌కి పార్కింగు నుంచీ వ్యాపారాల నుంచీ వేరే రాబడి ఉంది. అంటే అక్కడ యాభై లక్షల పౌండ్ల బంగళా ఉన్నవాడు బ్యాండ్ హెచ్‌లో రెండు వేల చిల్లర కడతాడు, నా మూడు బెడ్‌రూమ్‌ల ఇంటికి నేను అంతకన్నా ఎక్కువ కడతాను. మా ఫ్రెండు ఒకడు ఈశాన్యంలో మిడిల్స్‌బరో దగ్గర 95 వేలకి వరస ఇల్లు కొన్నాడు, బ్యాండ్ ఏ. ఏడాదికి పదహారు వందల పైన కడుతున్నాడు. ఇంటి విలువలో వాడిది దాదాపు 1.7 శాతం, నాది అర శాతం, ఆ బంగళావాడిది 0.04 శాతం. కాబట్టి ఏటా అందరికీ కలిపి 4.99 శాతం పెంచుతున్నామంటే (5 శాతానికి చేరితే రెఫరెండం, అంటే జనం ఓటు పెట్టాలి కాబట్టి చాలా కౌన్సిళ్లు సరిగ్గా అక్కడే ఆపుతాయి) మా వాడి మీద పడేదే ఎక్కువ బరువు.

మరి విలువలు మళ్లీ ఎందుకు కట్టరూ అంటే భయం. దీనికి ముందు తలకింత అని పోల్ ట్యాక్స్ పెడితే 1990 మార్చిలో ట్రఫాల్గర్ స్క్వేర్‌లో అల్లర్లయ్యాయి, అదే ఏడాది నవంబరులో ప్రధాని థాచర్ దిగిపోయింది. ఆవిడ దిగడానికి ఇంకా కారణాలున్నాయి గానీ రాజకీయ నాయకులకి గుర్తుండిపోయింది మాత్రం ఇదే. ఆ గొడవ చల్లార్చడానికి హడావిడిగా తెచ్చిందే కౌన్సిల్ ట్యాక్స్. చిత్రం ఏంటంటే వీళ్లు ముప్పై ఏళ్లుగా జంకుతున్న పని ఆంధ్రాలో చేసేశారు. 2021 ఏప్రిల్ నుంచి అక్కడ పట్టణాల్లో అద్దె విలువ తీసేసి రిజిస్ట్రేషన్ విలువ మీద ఇంటి పన్ను పెట్టారు, ఏడాదికి 15 శాతం మించి పెరగకుండా కట్టు పెట్టారు. గుంటూరులో మా నాన్న ఆ నోటీసు పట్టుకుని ఫోన్‌లో నాకు అరగంట క్లాసు పీకాడు. ప్రతిపక్షాలూ గోల చేశాయి. నాన్న తిట్టుకుంటూనే కట్టాడు. ఏటా కొంచెం కొంచెం పెరిగేలా చేస్తే జనం తిడతారు గానీ ఇళ్లు తగలబెట్టరు. ఇక్కడ ఆ మాత్రం ధైర్యం ఎవరికీ లేదు.

ఇప్పుడు బెనిఫిట్స్ సంగతి. ఒప్పుకోవాలి, మొదట్లో నాదీ మన వాట్సాప్ గ్రూపుల మాటే. ఉగాది పాట్‌లక్‌లో ప్లేటు పట్టుకుని ఎవరో ఒకరు మొదలుపెడతారు, "మనం పన్నులు కట్టాలి, వాళ్లు ఇంట్లో కూర్చుని తినాలి" అని. మన కోపానికి కారణం కూడా ఉంది. నా పాత వీసా కార్డు మీద నో పబ్లిక్ ఫండ్స్ అని పెద్దక్షరాల్లో అచ్చేసి ఉండేది. పన్ను కట్టొచ్చు, రాబడి తక్కువున్నవాళ్లకిచ్చే సాయాలు మాత్రం రావు. చైల్డ్ బెనిఫిట్ కూడా రాదు.

ఆ అభిప్రాయం మారింది 2022లో. మా కింది ఫ్లాట్‌లో ఒకావిడ ఉండేది, ఇంగ్లీషావిడే, ఇద్దరు పిల్లలు, భర్త లేడు. స్కూల్లో టీచింగ్ అసిస్టెంటు. జీతం చాలక యూనివర్సల్ క్రెడిట్ (రాబడి తక్కువున్నవాళ్లకి ప్రభుత్వమిచ్చే నెలసరి సాయం) వచ్చేది. (ఇది తీసుకునేవాళ్లలో మూడో వంతు దాకా ఉద్యోగాలు చేస్తున్నవాళ్లే, ఈ సంగతి నాకు అప్పుడే తెలిసింది.) అందులో అద్దెకిచ్చే సాయానికి ఒక హద్దు ఉంటుంది, ఆ ప్రాంతపు అద్దెల్ని బట్టి. ప్రభుత్వం ఆ హద్దుని 2020లో పెంచి నాలుగేళ్లు అక్కడే ఆపేసింది. బయట అద్దెలు ఆగవు కదా. ఓనరు 1,150 నుంచి 1,450 చేశాడు. నెలకి 300 ఎక్కడి నుంచి తెస్తుంది? రెండు నెలలు ఎలాగో ఇచ్చింది, తర్వాత ఖాళీ చేయమని నోటీసు.

సామాను నా కారులోనే తీసుకెళ్లాం. కౌన్సిల్ వాళ్లిచ్చింది పక్కూళ్లో ఒక హోటలు గది. రెండు మంచాలు, ఒక కెటిల్, కిటికీ గట్టు మీద మైక్రోవేవ్. పిల్లలు స్కూలుకి రెండు బస్సులు మారి రావాలి. పెద్దది మంచం మీద ఇస్త్రీ బల్ల మడిచి పెట్టుకుని లెక్కలు చేసుకునేది. పిల్లలున్న కుటుంబాన్ని అలాంటి చోట ఆరు వారాలకి మించి ఉంచకూడదని చట్టం, వీళ్లు పదకొండు వారాలున్నారు. రిసెప్షన్‌లో పార్ట్ టైమ్ కుర్రాడు మనవాడే, ఖమ్మం. మాటల్లో చెప్పాడు, "అన్నా, కౌన్సిల్ వాళ్లు గదికి రాత్రికి 85 ఇస్తారు, మొత్తం ఫ్లోరు వాళ్లదే" అని. ఇంటికొచ్చాక లెక్కేశాను. నెలకి 300 మిగిల్చుకోవడానికి 2,550 ఖర్చు!

ఆ డబ్బు ఎవరిదో చూడండి. అద్దె సాయం ఇచ్చేది కేంద్ర ప్రభుత్వం, కాబట్టి మిగిలింది దానికి. ఇల్లు లేనివాళ్లకి నీడ చూపించాల్సింది కౌన్సిల్. ఇలాంటి గదులకి కేంద్రం కౌన్సిల్‌కి తిరిగిచ్చేది 2011 జనవరి నాటి అద్దెల లెక్కలో. మిగతాది కౌన్సిల్ జేబులోంచి, అంటే నా జేబులోంచి. తర్వాతి మార్చిలో కొత్త బిల్లొచ్చింది, మళ్లీ 4.99 పెంపు. 1991 ధరల మీద పన్ను వసూలు, 2011 అద్దెల మీద సబ్సిడీ, ఖర్చు మాత్రం ఇవాళ్టి రేటు. ఇంగ్లండ్‌లో కౌన్సిళ్లు ఇలాంటి తాత్కాలిక వసతికి 2023-24లో ఖర్చు పెట్టింది 220 కోట్ల పౌండ్లకి పైనే. 2025 మార్చి నాటికి 1 లక్షా 30 వేల పైచిలుకు కుటుంబాలు అలాంటి చోట్ల ఉన్నాయి. అందుకే అంటున్నాను, బెనిఫిట్ కోస్తే ఖర్చు పోదు, గుమ్మం మారుతుంది.

అసలు సంక్షేమం ఖర్చులో సగానికి పైగా వెళ్లేది పెన్షనర్లకి. దాన్ని ముట్టుకునే సాహసం ఎవరూ చేయరు. 2024లో చలికాలం కరెంటు గ్యాసులకిచ్చే డబ్బు చాలామంది పెన్షనర్లకి ఆపారు, ఏడాది తిరక్కుండా వెనక్కి తగ్గారు. 2025లో వికలాంగులకిచ్చే పిప్ మీద కత్తి ఎత్తారు, సొంత లేబర్ ఎంపీలే వందమందికి పైగా ఎదురు తిరిగితే జులైలో ఆ భాగం బిల్లులోంచి తీసేశారు. అంటే కోయడం కూడా చెప్పినంత తేలిక కాదు. తప్పుడు క్లెయిములు లేవని నేను అనను, ఉన్నాయి, పట్టుకోవాలి కూడా. కానీ బడ్జెట్ లోటు అందులోంచి పూడదు.

2025 నవంబరు బడ్జెట్‌లో ఆర్థిక మంత్రిగా రేచల్ రీవ్స్ రెండు పనులు ఒకేసారి చేసింది. మూడో బిడ్డ నుంచి యూనివర్సల్ క్రెడిట్‌లో అదనపు డబ్బు ఇవ్వకూడదనే 2017 నాటి రూలుని 2026 ఏప్రిల్ నుంచి ఎత్తేస్తామంది. 20 లక్షల పౌండ్లు దాటిన ఇళ్లకి 2028 ఏప్రిల్ నుంచి ఏడాదికి 2,500 నుంచి 7,500 దాకా అదనపు పన్ను అంది. ఇది ఓనర్లే కట్టాలి, కిరాయిదారులు కాదు, అది నాకు నచ్చింది. దిశ మంచిదే, కానీ ఆ 50 లక్షల బంగళావాడు 7,500 కలిపి కట్టినా 0.19 శాతమే అవుతుంది. మిడిల్స్‌బరో వాడి 1.7 అలాగే ఉంటుంది. వచ్చేది కూడా ఏడాదికి 40 కోట్ల పౌండ్లే అని అంచనా. మొత్తం బ్యాండ్లు తీసేసి విలువలో ఇంత శాతం అని పెట్టమని 2011లోనే పన్నుల మీద నిపుణులు రాసిన మిర్లీస్ రిపోర్టు చెప్పింది. అలా చేస్తే నా బిల్లు తగ్గుతుందో పెరుగుతుందో రేటుని బట్టి ఉంటుంది. పెరిగినా కడతాను, 4.99 కన్నా నయం.

పెద్ద ఇల్లు, చిన్న పెన్షన్ ఉన్న ముసలావిడ ఏం కావాలి అని ఇక్కడ అందరూ అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఆవిడ ఉన్నన్నాళ్లు అడగొద్దు, ఇల్లు అమ్మినప్పుడో వారసులకి వెళ్లినప్పుడో అందులోంచి తీసుకోండి. ఆవిణ్ని అడ్డం పెట్టుకుని బంగళాలవాళ్లు తప్పించుకోవడమే నాకు ఒళ్లు మంట.

మీ అబ్బాయి విషయం. ఫుల్ టైమ్ స్టూడెంటుకి కౌన్సిల్ ట్యాక్స్ లేదు, కానీ దానంతటదే ఆగదు, యూనివర్సిటీ నుంచి సర్టిఫికెట్ తీసుకుని కౌన్సిల్‌కి పంపాలి. నలుగురు స్టూడెంట్లు కలిసి మొత్తం ఇల్లు అద్దెకి తీసుకుంటే ఒక చిక్కుంది, మనవాళ్లు చాలామంది ఇక్కడే దొరికిపోతారు. ఒకడి కోర్సు మిగతా ముగ్గురి కన్నా ముందు అయిపోయిందనుకోండి, ఆ మర్నాటి నుంచి వాడు స్టూడెంటు కాదు. అప్పుడు ఇంటి బిల్లులో 75 శాతం వాడొక్కడి పేరు మీదే వస్తుంది, మిగతా ముగ్గురికీ చట్టప్రకారం సంబంధం ఉండదు. ఎలా పంచుకోవాలో ఇంట్లో చేరేరోజే మాట్లాడుకోమనండి. గోధుమరంగు కవరొస్తే మాత్రం టీవీ వెనక పెట్టొద్దని చెప్పండి.