మెస్సర్‌ష్మిట్‌కి రంగు వేసే ముందు సంవత్సరం తేల్చుకోండి

ప్రశ్న: సార్, మాది ఒంగోలు. డిగ్రీ చదువుతూ బ్లెండర్ అనే 3డి సాఫ్ట్‌వేర్‌లో రెండో ప్రపంచయుద్ధం నాటి జర్మన్ ఫైటర్ మెస్సర్‌ష్మిట్ 109 చేస్తున్నాను. మోడల్ అయిపోయింది, రంగుల దగ్గర ఆగిపోయాను. పాత ఫొటోలన్నీ నలుపు తెలుపువే. నెట్‌లో చూస్తే ఒకే నంబరుకి నాలుగు షేడ్లు కనిపిస్తున్నాయి. ఏది వేసినా ఎవరో ఒకరు తప్పంటున్నారు, టెన్షన్‌గా ఉంది. దేన్ని నమ్మాలి?

జవాబు: షేడ్ సంగతి కాసేపు పక్కన పెట్టండి. మీ విమానం ఏ ఏడాదిది, 109లో ఏ రకం, ఎక్కడ ఎగిరింది? ఈ మూడూ మీ ఉత్తరంలో లేవు. అవి తేలితే సగం గొడవ తీరిపోతుంది.

జర్మన్ విమానయాన మంత్రిత్వ శాఖ ప్రతి రంగుకీ ఆర్‌ఎల్‌ఎం అనే నంబరు ఇచ్చింది. 1939లో యుద్ధం మొదలైనప్పుడు 109లో ఇ రకం (109ఇ) పైభాగాన 70, 71 అనే రెండు ముదురు ఆకుపచ్చలు, కింద 65 లేత నీలం ఉండేవి. నేల మీద ఆగినప్పుడు దాక్కోవడానికి అది బాగుంది కానీ గాల్లో పోరుకి మరీ ముదురు. అందుకే ఆ చలికాలం నుంచి 70 తీసేసి 02 అనే బూడిద పచ్చ తెచ్చారు, లేత నీలాన్ని పక్కల మీదికి పైదాకా లాగారు. 1940లో ఇంగ్లండ్ మీదికి వెళ్లినవి ఎక్కువగా ఇలాంటివే, దాని మీద ఒక్కో దళం తనకి నచ్చినట్టు మచ్చలు కొట్టుకుంది. 1941 నుంచి 74, 75 గ్రేలు, కింద 76. ఉత్తర ఆఫ్రికాకి వెళ్లినవాటికి పైన 79 ఇసుక పసుపు, కింద 78 నీలం. అంటే 1943 నాటి జి రకానికి (109జి) 1939 నాటి ఆకుపచ్చ వేస్తే షేడ్ ఎంత కచ్చితంగా ఉన్నా అది తప్పే.

1944 చివరి విమానాలతో మాత్రం జాగ్రత్త. 81, 82, 83 నంబర్లు వచ్చేసరికి వాటితో అధికారిక రంగు చిప్‌లు (నమూనా ముక్కలు) రాలేదు, ఫ్యాక్టరీకో రకంగా తేలాయి. 81 ఒకచోట గోధుమ రంగు, ఇంకోచోట ఆలివ్. అక్కడ ఇదే సరైనదని ఎవరైనా గట్టిగా అంటే నమ్మకండి, మీరు చేసే ఆ ఒక్క విమానం ఫొటోలు వెతకండి.

నలుపు తెలుపు ఫొటో చూసి రంగు ఊహించడం కూడా ప్రమాదమే. అప్పట్లో వాడిన ఆర్థోక్రోమాటిక్ ఫిల్మ్‌కి ఎరుపు పట్టదు, నల్లగా పడుతుంది, పసుపు కూడా ముదురుగా వస్తుంది. ముక్కు నల్లగా కనిపించిందని నలుపు వేసేస్తే అది నిజానికి పసుపు ముక్కు కావచ్చు. ఫొటోని మచ్చలు, గీతలు ఎక్కడున్నాయో చూడటానికి వాడండి, రంగుకి కాదు.

ఇక కంప్యూటర్ దగ్గర జరిగే తప్పు. చిప్ ఫొటో నుంచి ఐడ్రాపర్‌తో (తెర మీది రంగుని పట్టే పనిముట్టు) రంగు తీస్తే ఆ ఫొటో తీసిన లైటు కూడా వచ్చేస్తుంది. నెల్లూరు చిన్నబజారులో చీర కొనేటప్పుడు ఎందుకు గుమ్మం బయటికి తెచ్చి ఎండలో చూస్తారో, ఇదీ అంతే. రంగు విలువని హెక్స్ కోడ్ (ఆరక్షరాల రంగు కోడ్) గడిలోనే వేయండి, 255తో భాగించి ఆర్‌జీబీ గడుల్లో పెడితే రంగు వెలిసిపోయినట్టు వస్తుంది. సరిచూసేటప్పుడు బ్లెండర్ రంగుల్ని తెర మీద ఎలా చూపాలో చెప్పే వ్యూ ట్రాన్స్‌ఫార్మ్ సెట్టింగ్‌ని స్టాండర్డ్‌కి మార్చండి, ఎందుకంటే కొత్త వెర్షన్లలో మామూలుగా ఉండే ఏజీఎక్స్ రంగుల గాఢతను తగ్గించేస్తుంది. విమానం పక్కన 18 శాతం గ్రే పలక ఒకటి నిలబెట్టి, రెండర్‌లో (చివరగా వచ్చే బొమ్మలో) అది 0 నుంచి 255 లెక్కలో 118 దగ్గర పడేలా లైటు సర్దండి. ఆ తర్వాతే మీ ఆకుపచ్చ మరీ నల్లగా ఉందా లేదా అన్నది తెలుస్తుంది. మెరుపు ఎక్కువ పెట్టకండి, శత్రువు కంటికి కనపడకుండా వేసిన ఆ రంగులు మెరవడానికి వేసినవి కావు.

ప్రశ్న: కాక్‌పిట్ లోపల ఏ రంగు? (కావలి పాఠకుడు)

జవాబు: 109ఇకి 02 బూడిద పచ్చ. 1941 తర్వాతి వాటికి 66, నలుపుకి దగ్గరగా ఉండే గ్రే. పూర్తి నలుపు మాత్రం వేయకండి, నీడలో స్విచ్‌లు, డయళ్లు ఏవీ కనిపించవు.