రేంజ్ కోసం కళ్ళతో బేరం పెట్టకు

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. లైడార్ (లేజర్ వెలుగు పంపి, తిరిగొచ్చిన దాన్నిబట్టి దూరం కొలిచే పరికరం) బిగించిన కారును డిసెంబరులో మన కోనసీమకు తెచ్చి 216 హైవే మీద, కాలువ గట్ల మీద తిప్పుతారని మీ నాన్న చెప్పాడు. అది చూడగలిగే దూరం, అదే రేంజ్, చాలడం లేదనీ, పవర్ పెంచితే కంటికి సేఫ్ అనే క్లాస్ 1 హద్దు దాటిపోతోందనీ నువ్వు టెన్షన్ పడుతున్నావట. లేజర్ ల్యాబుల్లోనే జుట్టు నెరిసినవాణ్ణి, నాలుగు ముక్కలు చెబుతాను.

కంటి లిమిట్‌ని ఆఖర్న సర్టిఫికెట్ కోసం చూసుకునే పనిలా పెట్టుకోకు. డిజైన్ లెక్కలో మొదటి వరుసలో రాసుకో. మీ లైడార్ వాడే 905 నానోమీటర్ల వేవ్‌లెంగ్త్ కిరణం కంటికి కనపడదు, అందుకని రెప్ప వాలదు. కానీ కంటి లెన్స్ మాత్రం దాన్ని మామూలు వెలుగులాగే తీసుకెళ్ళి రెటీనా మీద చుక్కలా పోగేస్తుంది. లేజర్ భద్రతకి అంతర్జాతీయ ప్రమాణమైన ఐఈసీ 60825-1 పద్ధతిలో ఒక కొలత 10 సెంటీమీటర్ల దూరంలో, 7 మిల్లీమీటర్ల రంధ్రం పెట్టి తీస్తారు. చీకట్లో బాగా విచ్చుకున్న కనుపాప అంత ఉంటుంది. అంత దగ్గరగా మొహం ఎవరు పెడతారని మీ ఆఫీసులో నవ్వుకుంటారేమో. రాజోలులో టీకొట్టు ముందు బండి ఆపి చూడండి. మీరు గ్లాసు అందుకునేలోపు పిల్లలంతా ఆ నల్ల అద్దంలోకి కళ్ళు పెట్టేసి ఉంటారు. అసలు నిలబడ్డ బండికి 200 మీటర్లు చూడాల్సిన పనేముంది? క్లాస్ 1 లోపలే ఉన్నా సరే, ఆగినప్పుడు పవర్ తగ్గేలా చేయించు.

ఇక పవర్ సంగతి. రోడ్డు మీది వస్తువు నుంచి తిరిగొచ్చే వెలుగు దూరం వర్గానికి తగ్గట్టు పడిపోతుంది. అంటే రేంజ్ రెట్టింపు కావాలంటే పవర్ నాలుగింతలు చెయ్యాలి, అదీ గాలి శుభ్రంగా ఉంటే. పొగమంచులో ఈ లెక్క ఇంకా అన్యాయం. కంటిచూపు 100 మీటర్లే ఆనే మంచులో, వెలుగు పోయి రావడంలో జరిగే నష్టం ఎంతంటే, పవర్ రెండింతలు చేసినా నీకు దక్కేది 9 మీటర్ల లోపే. ఆ 9 మీటర్ల కోసం పిల్లల కళ్ళ మీద భారం వేస్తామా? మంచులో బండి స్పీడు తగ్గించడమే సరైన మందు. నీ సాఫ్ట్‌వేర్‌కి ముందు అది నేర్పు.

మరి రేంజ్ ఎక్కడి నుంచి తేవాలి? నన్నడిగితే పల్స్ నిడివి దగ్గర మొదలుపెట్టమంటాను. నానోసెకన్ల పల్స్‌లో కంటికి లెక్క పల్స్ మొత్తం ఎనర్జీ. 10 నానోసెకన్ల పల్స్‌ని అదే ఎనర్జీతో 2కి కుదిస్తే పవర్ శిఖరం ఐదింతలు లేస్తుంది, కంటి లిమిట్ కదలదు. దానికి తగ్గ వేగం డిటెక్టరుకీ, దాని వెనక సర్క్యూట్‌కీ ఉండాలనుకో. తర్వాత ఫిల్టర్, అంటే నీ లేజర్ వేవ్‌లెంగ్త్‌ని మాత్రమే డిటెక్టరు దాకా రానిచ్చే అద్దం. మన మధ్యాహ్నపు ఎండే నీ సిగ్నల్‌కి పెద్ద శత్రువు కాబట్టి ఫిల్టర్ ఎంత ఇరుగ్గా ఉంటే అంత మేలు. ఇక్కడో చిక్కుంది. మామూలు 905 లేజర్ డయోడ్ వేవ్‌లెంగ్త్ డిగ్రీకి సుమారు 0.3 నానోమీటర్లు జరుగుతుంది. చలికాలం తెల్లవారుజామున 15 డిగ్రీలున్న డబ్బా రోహిణి కార్తె ఎండలో 75కి పోయిందనుకో, 18 నానోమీటర్లు జరిగినట్టే. ఫిల్టర్ ఇరుకుగా పెట్టి డయోడ్‌ని వదిలేస్తే, ఎండాకాలం మధ్యాహ్నం నీ వెలుగునే నువ్వు బయటికి నెట్టేసుకుంటావు. డయోడ్ వేడిని అదుపులో పెట్టడానికి అయ్యే ఖర్చు దండగ కాదు.

1550 నానోమీటర్లకి మారిపోదామని ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. అక్కడ వెలుగు కంటి ముందు భాగంలోని నీటిలోనే ఇంకిపోయి రెటీనా దాకా పోదు. అందుకే ఒక్కో పల్స్‌కి లిమిట్ వేల రెట్లు ఎక్కువ. కానీ సగటు పవర్‌కి అక్కడా కళ్ళెం ఉంది, కంటి ముందు పొర కార్నియా కూడా కాలుతుంది మరి. పైగా సిలికాన్ డిటెక్టరుకి ఆ వెలుగు ఆనదు, ఖరీదైన ఇండియం గాలియం ఆర్సెనైడ్ కావాలి. కంటిని కాపాడే ఆ నీళ్ళే తడిసిన వస్తువు మీద నీ సిగ్నల్‌నీ మింగుతాయి. ఇక్కడ జులై నుంచి నవంబరు దాకా తడవనిది ఏముంది గనక! కెమెరా సంగతీ మరిచిపోకు. 2019 జనవరిలో లాస్ వేగస్ సీఈఎస్ ఎలక్ట్రానిక్స్ షోలో 1550 లైడార్‌ని ఫొటో తీసిన ఒకాయన కెమెరా సెన్సర్ మాడింది. కంటికి సేఫ్ అయిన వెలుగు కెమెరాకీ సేఫ్ అనుకోకూడదు.

బ్రోషర్‌లో 200 మీటర్లని ఉంటే ఎంత శాతం వెలుగు తిప్పికొట్టే వస్తువు మీదో అడుగు. 80 శాతం తెల్ల బోర్డు మీద 200 అయితే, 10 శాతం నల్లటి వస్తువు మీద అది 70 చిల్లరే. రాత్రిపూట లైట్లు లేకుండా ఆగిన లారీ నల్ల టార్పాలిన్, రోడ్డెక్కిన గేదె ఆ 10 శాతం జాతివే అనుకుని లెక్క వెయ్యి. తడి రోడ్డు మీద 80 కిలోమీటర్ల వేగంలో, ఒక సెకను తేరుకోవడానికి పోతే, బండి ఆగేసరికి 85 మీటర్లు అయిపోతుంది, ఆ 70 చాలదు. కాలువ గట్టు మీద మలుపులకీ కొబ్బరి చెట్లకీ 100 మీటర్లు చూపే ఆనదు, అక్కడ దూరం కన్నా దగ్గర చూపు మెరుగుపరచు.

కిరణాన్ని అటూ ఇటూ తిప్పే స్కానింగ్ అద్దం ఆగిపోతే కిరణం ఒకేచోట నిలబడిపోతుంది. నడుస్తుండగా ఆ అద్దాన్ని కావాలనే ఆపి, లేజర్ ఎంతసేపట్లో ఆరిందో ఆసిల్లోస్కోప్ మీద నువ్వే చూడు. ఇంకొకరి రిపోర్టుతో సరిపెట్టుకోకు. ఆ పరీక్షప్పుడు కళ్ళద్దాలు నీ వేవ్‌లెంగ్త్‌వే పెట్టుకో, 1550వి 905కి పనికిరాకపోవచ్చు. లేజర్ ఆరిందో లేదో ఫోన్ కెమెరాతో చూసి నమ్మేవాళ్ళున్నారు, 1550 దాన్లో అసలు కనపడదు. క్లాస్ 1ఎమ్ చాలులే అని ఎవరైనా అంటే ఒప్పుకోకు. అది బైనాక్యులర్స్ లేని కళ్ళకే సేఫ్, కోరింగ వైపు పక్షులు చూసేవాళ్ళంతా మెళ్ళో అవే వేసుకుని తిరుగుతారు.

వచ్చేటప్పుడు 10 శాతం బోర్డు ఒకటి తెచ్చుకో, దాన్ని తడిపి కూడా కొలుద్దాం. మంచు కావాలంటే తెల్లవారకముందే బయల్దేరాలి, ఎండెక్కితే విడిపోతుంది. తేదీ ఖాయమవగానే ఫోన్ చెయ్యి.

మీ పెదనాన్న