చిన్న ల్యాప్‌టాప్ కొనేముందు ఒకసారి చదువు

అమ్మలూ,

నీ మెసేజ్ చూశాను. విండోస్ బదులు గూగుల్ క్రోమ్ ఓఎస్‌తో నడిచే క్రోమ్‌బుక్ పదహారు వేలకు ఇస్తామంటున్నారు, తీసుకోనా మామయ్యా అని అడిగావు. మోకాలి ఆపరేషన్ కాకపోతే నీ వెంట నేనే వచ్చేవాణ్ణి. ఇరవై ఏళ్లు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ల్యాప్‌టాప్‌లు విప్పి బిగించినవాణ్ణి కదా, నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందు నీకు దాంతో ఏం పనుందో తేల్చుకో. 2007 చివర్లో ఆసుస్ వాళ్లు ‘ఈ పీసీ’ (Eee PC) అనే పేరుతో, ఏడంగుళాల తెర ఉన్న ఒక బుల్లి కంప్యూటర్ తెచ్చారు. లోపల 4 జీబీ స్టోరేజీ, 512 ఎంబీ ర్యామ్, అంతే. మెయిల్ చూసుకుని, నాలుగు వెబ్‌సైట్లు తిరిగేవాళ్లకు అది భలే పనికొచ్చింది. పెద్ద కంప్యూటర్ పనులన్నీ దాని నెత్తిన పెట్టినవాళ్లే మా టేబుల్ దగ్గరికి గొడవకొచ్చేవాళ్లు. 2011లో మొదలైన క్రోమ్‌బుక్‌లదీ ఇదే సంగతి. నోట్స్, అసైన్‌మెంట్లు, యూట్యూబ్ పాఠాలు హాయిగా నడుస్తాయి. నీది బీకామ్ కాబట్టి ఒక్క మాట గుర్తుపెట్టుకో: అకౌంట్లు రాసే ట్యాలీ విండోస్ ప్రోగ్రామ్, క్రోమ్‌బుక్‌లో ఎక్కదు. కాలేజీ ల్యాబ్‌లో చేసుకుంటే చాలనుకుంటేనే క్రోమ్‌బుక్ తీసుకో. హాస్టల్లో కూడా ప్రాక్టీస్ చెయ్యాలంటే ఇంకొన్నాళ్లు డబ్బులు దాచుకుని విండోస్‌దే కొను. తక్కువ పడితే నేనిస్తాను, మొహమాటపడకు.

స్టోరేజీ మాత్రం 64 జీబీకి తగ్గనివ్వకు. మీ అత్తయ్యకు ఒకప్పుడు 32 జీబీ విండోస్ ల్యాప్‌టాప్ కొన్నాను. ఏడాది తిరక్కుండానే అప్‌డేట్‌కు చోటు లేదని మొరాయించింది. ఫొటోలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి మార్చినా చాల్లేదు. స్టోరేజీ పెంచుదామని వెనక మూత తీస్తే, చిప్పు బోర్డుకే టంకం పెట్టి ఉంది. మార్చే దారే లేదు. ఈ ధరలో వచ్చేవాటిలో చాలావరకు ర్యామ్ కూడా అలాగే ఉంటుంది. తర్వాత పెంచుకుందాంలే అనుకోకు, కొన్నరోజు ఎంత ఉందో చివరిదాకా అంతే.

ఇప్పుడు అసలు విషయం. క్రోమ్‌బుక్‌కు అప్‌డేట్లు ఫలానా నెలతో ఆగిపోతాయని ముందే రాసిపెట్టి ఉంటుంది. 2021 నుంచి వచ్చిన మోడళ్లకు పదేళ్లు ఇస్తామని గూగుల్ చెప్పింది. ఆ లెక్క నువ్వు కొన్న రోజు నుంచి మొదలవదు, ఆ మోడల్ బయటికొచ్చిన నాటి నుంచి నడుస్తుంది. సీలు తియ్యని డబ్బాలో ఉన్నదైనా సరే, పాత మోడలైతే ఏళ్లు కరిగిపోయినట్టే. షాపులో ఆన్ చేయించి సెట్టింగ్స్‌లో ‘అబౌట్ క్రోమ్ ఓఎస్’ తెరువు, అడిషనల్ డీటెయిల్స్‌లో ఆ తేదీ కనబడుతుంది. ఇంకా ఐదేళ్లన్నా లేకపోతే ఎంత తగ్గించినా వద్దు. సెకండ్ హ్యాండ్‌దైతే ఇది ఇంకా ముఖ్యం.

కీబోర్డు మీద ఒక పేరా మొత్తం టైప్ చేసి చూడు. మధ్యలో వేళ్ల కింద ప్లాస్టిక్ లోపలికి కుంగుతుంటే పక్కన పెట్టెయ్. మూత పదిసార్లు తెరిచి మూయి, వదులుగా ఊగకూడదు. షాపతను విసుక్కున్నా పట్టించుకోకు, డబ్బులు నీవి.

హాస్టల్ వైఫై ఎలాగూ నమ్మకం లేదన్నావు. కొన్న రోజే గూగుల్ డాక్స్‌లో ఆఫ్‌లైన్ ఆన్ చేసి పెట్టుకో. నెట్ పోయాక ఆన్ చేద్దామంటే కుదరదు.

సుల్తాన్ బజార్‌లో మెట్రో ఎక్కి పరేడ్ గ్రౌండ్‌లో దిగు, అక్కణ్ణుంచి పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి (చినాయ్ ట్రేడ్ సెంటర్) ఆటోలో ఐదు నిమిషాలు. ఒక్కదానివే వెళ్లకు, ఫ్రెండ్‌ను తీసుకెళ్లు. డబ్బులు కట్టేముందు నాకు వీడియో కాల్ చేసి అప్‌డేట్లు ఆగిపోయే ఆ తేదీ చూపించు.

మీ మామయ్య