గల్ఫ్ కథ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ కథ అందింది. శ్రద్ధగా చదివాను. ముందు బాగున్న సంగతి చెబుతాను. గేటు పక్కన డ్రైవరు గది నీకు కొట్టిన పిండి. నేపాలీ వంటవాడితో పంచుకున్న గ్యాస్ పొయ్యి, ఊరికి తీసుకెళ్ళడానికి మంచం కింద అట్టపెట్టెలో పోగేసిన సబ్బులు, సెంటు సీసాలు, దోహాకూ మనకూ మధ్య ఉన్న రెండున్నర గంటల తేడా వల్ల అక్కడ తెల్లవారి ఫోను చేసేసరికి ఇక్కడ పొలానికి వెళ్ళిపోయిన భార్య... ఇవన్నీ అక్కడ బతికినవాడు మాత్రమే రాయగలిగినవి. వాటిలో ఒక్క వాక్యం కూడా మార్చవద్దు.

నాకు పేచీ ఉన్నది గేటు లోపలి ఇంటితో. నీ కథానాయకుడు, డ్రైవరు నర్సయ్య. అతని యజమాని ఆ పెద్దాయన కథ మొత్తంలో ఒక్కసారి కూడా మనిషిగా కనిపించలేదు. తెల్లటి అంగీ, చేతిలో తస్బీ అనే జపమాల, కసురుకునే గొంతు, అంతే. ఆయన ఎందుకలా ప్రవర్తిస్తాడో నర్సయ్యకు తెలియదు. తెలియకపోవడం సహజం. కానీ నీకు కూడా తెలియనట్టుంది. కథ అక్కడే కుంటుపడింది.

రెండు దేశాల మనుషులు తారసపడే కథలు ఇప్పుడు మన భాషలో విరివిగా వస్తున్నాయి. డల్లాస్ నుంచి, సిడ్నీ నుంచి, మస్కట్ నుంచి పిల్లలు రాస్తున్నారు. రావలసిన కథలే. అయితే వాటిలో చాలావరకు, మనవాడికి ఎదుటివాళ్ళు అర్థం కాకపోవడాన్నే కథ అనుకుంటున్నాయి. పాత్రకు అర్థం కాకపోవచ్చు. రచయితకు మాత్రం ఇద్దరి కారణాలూ తెలిసి ఉండాలి. తెలిసినదంతా కథలో చెప్పనక్కర్లేదు. కానీ తెలిసి దాచుకున్న కథకూ, తెలియక వదిలేసిన కథకూ ఉన్న తేడాను పాఠకుడు మొదటి పేజీలోనే పసిగడతాడు.

మజ్లిస్, అంటే అతిథులు కూర్చునే గది, ఆ దృశ్యమే తీసుకుందాం. పండుగ పూట పెద్దాయన నర్సయ్యను లోపలికి పిలిచి, చిన్న పింగాణీ కప్పులో గహ్వా, అంటే అరబ్బీ కాఫీ, పోయిస్తాడు. నర్సయ్య తాగి ఖాళీ కప్పు చాపుతాడు, మళ్ళీ పోస్తారు. తాగి చాపుతాడు, మళ్ళీ పోస్తారు. కూర్చున్నవాళ్ళలో ఒకడు నవ్వుతాడు. తనను ఆట పట్టిస్తున్నారని నర్సయ్య అనుకుంటాడు. నువ్వూ అదే అనుకొని, ఆ రాత్రి గదిలో అతన్ని ఏడిపించావు.

మస్కట్‌లో మా అబ్బాయి దగ్గర ఉన్న రోజుల్లో ఈ పద్ధతిని దగ్గర నుంచి చూశాను. పోసేవాడు ఎడమచేత్తో దల్లా అనే కాఫీ కూజా పట్టుకుని, కుడిచేత్తో కప్పు అందిస్తాడు. కప్పులో అడుగున కొంచెమే పోస్తాడు. నిండా పోస్తే ‘తాగి ఇక బయలుదేరు’ అన్నట్టు లెక్క. కొంచెం కొంచెంగా మళ్ళీ మళ్ళీ పోయడమే అక్కడి ఆదరణ. తాగినవాడు చాలనుకుంటే కప్పును వేళ్ళ మధ్య పట్టుకుని అటూ ఇటూ ఆడించి ఇవ్వాలి. ఆడించకుండా ఊరికే చాపితే ఇంకా కావాలని అర్థం. పోసేవాడు ఎదురుగా నిలబడి కనిపెట్టుకుని ఉండేది ఆ చిన్న కదలిక కోసమే. సౌదీ, ఎమిరేట్స్, ఒమన్, ఖతార్ కలిసి కోరితే 2015లో యునెస్కో ఈ కాఫీ ఆచారాన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. వాళ్ళు దాన్ని అంత ప్రాణంగా చూసుకుంటారు.

ఇప్పుడు నర్సయ్య వైపు నుంచి చూడు. జగిత్యాల పల్లెలో పెళ్ళి పంక్తిలో కూర్చుని పెరిగినవాడు అతడు. చాలంటే వడ్డించేవాడు వినడని, విస్తరి మీదికి వంగి రెండు చేతులూ అడ్డం పెడితే తప్ప ఆగడని, పెట్టింది వదిలేస్తే పెట్టినవాళ్ళను చిన్నబుచ్చినట్టని తెలిసినవాడు. అందుకే చక్కెర లేని ఆ కాఫీని చుక్క మిగల్చకుండా తాగాడు. కప్పును తిరిగి ఇచ్చేద్దామని చాపాడు. పోసేవాడి మర్యాదా నిఖార్సయినదే, తాగేవాడి మర్యాదా నిఖార్సయినదే. రెండూ ఒకదాన్నొకటి తరుముకుంటూ పోయాయి. ఇంత గొప్ప సన్నివేశం చేతిలో ఉండగా దాన్ని ఒట్టి అవమానంగా కుదించేశావు. ఆ నవ్వినవాణ్ణి ఉంచు. అతని నవ్వులో చులకన ఉంటే ఉండనీ. ఆ నవ్వు విని పెద్దాయన ఏం చేశాడు? అతన్ని కసిరాడా? తనూ నవ్వాడా? లేచి వచ్చి నర్సయ్య చేయి పట్టుకుని కప్పు ఎలా ఆడించాలో చూపించాడా? నువ్వు ఏది ఎంచుకుంటే కథ అటు తిరుగుతుంది.

ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చాక ‘అమ్మగారికి ఎలా ఉంది’ అని నర్సయ్య అడగడం, పెద్దాయన ముఖం గంటు పెట్టుకోవడం కూడా ఇలాంటిదే. మన దగ్గర ఆ మాట అడగకపోతే తప్పు. అక్కడి పాతతరం ఇళ్ళలో పరాయి మగవాడు ఇంటి ఆడవాళ్ళ ప్రస్తావన నేరుగా తేవడం తప్పు. ‘ఇంట్లో అందరూ క్షేమమా’ అని అడిగి ఉంటే ఆయన తృప్తిగా జవాబిచ్చేవాడు. నర్సయ్య అడిగింది అభిమానంతో, ఆయన నొచ్చుకున్నది ఇంటి గౌరవం కోసం. నువ్వు దీన్ని ‘డబ్బు పొగరు’ అని ఒక్క మాటలో తేల్చేశావు.

ఇక సంభాషణలు. గల్ఫ్‌లో పనివాళ్ళు మాట్లాడేది ఏ దేశపు భాషా కాదు. అరబ్బీ, హిందీ, ఉర్దూ, కొంత ఇంగ్లీషు కలిసి ఏళ్ళ తరబడి పనిచోట పుట్టి పెరిగిన మాట అది. ఆడా మగా, నేనూ నువ్వూ అన్న తేడాలు క్రియల్లో దాదాపు అరిగిపోయాయి. ఒక సంగతి నువ్వు గమనించే ఉంటావు. అరబ్బు కూడా డ్రైవరుతో మాట్లాడేటప్పుడు తన సొంత అరబ్బీని పక్కనబెట్టి ఈ మాటే మాట్లాడతాడు. ఇద్దరూ తమ తమ వాకిళ్ళు దాటి వచ్చే మాట్లాడుకుంటున్నారు. కరీంనగర్, నిజామాబాద్ వాళ్ళకు ఉర్దూ ముందే చెవిన పడి ఉంటుంది కాబట్టి పఠాన్ డ్రైవర్లతో త్వరగా కలుస్తారు. కోనసీమ నుంచి ఇంటిపనికి వెళ్ళిన ఆడమనిషికి ఆ వెసులుబాటు లేదు. వంటింట్లో ఒంటరిగా, తప్పు చేస్తూ తిట్లు తింటూ నేర్చుకోవాలి. ఎప్పుడైనా ఆమె కథ కూడా రాయి.

ఈ మాటలో ధర అడగవచ్చు, పని చెప్పవచ్చు, సెలవు అడగవచ్చు, తిట్టవచ్చు. అమ్మ పోయిందన్న కబురు వచ్చిన రాత్రి పక్క మంచం మీది మనిషితో పంచుకోవడానికి మాత్రం ఇది చాలదు. నీ కథలో ఆ రాత్రి ఉంది, కథకంతటికీ ఆయువుపట్టు అదే. అక్కడ నేపాలీ చేత ‘నీకు అమ్మ లేదు అయింది’ అని వచ్చీ రాని తెలుగు పలికించావు. ఏడవవలసిన చోట చదివేవాడికి నవ్వొచ్చింది. మార్వాడీ సేటు చేత, తమిళ వంటవాడి చేత ముక్కలు ముక్కలుగా తెలుగు పలికించి నవ్వించడం మన నాటకాలూ సినిమాలూ మనకు అలవాటు చేశాయి. ఆ అలవాటు నీకు తెలియకుండానే నీ కలంలోకి వచ్చింది. అలా మాట్లాడేవాడు కాస్త తెలివితక్కువవాడని పాఠకుడు లోలోపల తీర్మానించుకుంటాడు. ఆ నేపాలీ తన ఇంటికి ఫోను చేసినప్పుడు ఎంత ధారగా మాట్లాడతాడో, ఎంత వేళాకోళం ఆడతాడో నువ్వు వినే ఉంటావు. అది ఒక్కసారి చూపించు. నర్సయ్యకు దాని అర్థం తెలియనక్కర్లేదు, గొంతులో మార్పు తెలిస్తే చాలు. ఆ తర్వాత అతడు నర్సయ్యతో అనే మాటలను శుభ్రమైన తెలుగులోనే రాయి. వ్యాకరణం విరగ్గొట్టవద్దు, మాటలు తగ్గించు. అమ్మ పోయిన రాత్రి అతడు అన్నం వండి, తను తినకుండా నర్సయ్య పక్కన కూర్చున్నాడని ఎక్కడో చివర పడేశావు. దాన్ని ముందుకు తెచ్చి మిగతాది కొట్టెయ్యి.

మళ్ళీ పెద్దాయన దగ్గరకు వద్దాం. ఆయనకు ఎనభై ఏళ్ళని రాశావు. అంటే ఆయన పుట్టేనాటికి ఖతార్ నుంచి చమురు ఎగుమతి మొదలే కాలేదు, అది 1949 చివర్లో మొదలైంది. మరి ఆయన తండ్రి, తాత ఏం చేసి బతికి ఉంటారు? ఆ తీరానికి అప్పట్లో పెద్ద ఆధారం ముత్యాలు. వేసవి నెలలు పడవల మీదే గడిపేవారు. ముక్కుకు కొమ్ముతో చేసిన పట్టీ పెట్టుకుని, కాలికి బరువు కట్టుకుని సముద్రం అడుగుకు దిగేవారు. బయలుదేరే ముందు పడవ యజమాని దగ్గర బయానా తీసుకునేవారు. ముత్యాలు దొరకని ఏడు ఆ బయానా అప్పుగా మిగిలేది, తండ్రి పోతే కొడుకు నెత్తిన పడేది. ఏజెంటుకు కట్టడానికి వడ్డీకి తెచ్చిన డబ్బు తీరకే నర్సయ్య మళ్ళీ విమానం ఎక్కాడని నువ్వే రాశావు. ఈ రెండు అప్పులనూ పక్కపక్కన పెట్టి చూశావా?

జపాన్ పెంపకం ముత్యాలు, 1929 తర్వాతి మాంద్యం కలిసి ఆ బతుకును కూల్చేశాయి. చమురు డబ్బు చేతికందేదాకా ఆ తీరం ఆకలితో గడిపింది. అక్కడి ముత్యాలు ఎక్కువగా బొంబాయి చేరేవి, బస్రా ముత్యాల పేరుతో హైదరాబాదుకూ వచ్చేవి. దోహా బజారులో చెల్లింది మన రూపాయే. 1959లో రిజర్వ్ బ్యాంకు గల్ఫ్ కోసం విడిగా నోట్లు అచ్చు వేసింది. 1966లో మన ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించేదాకా ఖతార్‌లో అవే నడిచాయి. నీ పెద్దాయన కుర్రతనంలో లెక్కపెట్టిన డబ్బు రూపాయలే. ఇంత సంగతి తెలిశాక ఆయన్ని జపమాల పట్టుకున్న బొమ్మగా నిలబెట్టగలవా? వీలు చిక్కినప్పుడు ఆయన వయసు వాళ్ళను అడుగు. డ్రైవరు కారులో కూర్చున్న ముసలివాళ్ళు దారి పొడవునా పాత సంగతులు చెబుతారు, వినేవాడు దొరకాలి అంతే.

సెలవు మీద వచ్చినప్పుడు శంషాబాద్‌లో దిగాక ఒక పూట హైదరాబాదులోని బార్కస్‌కు వెళ్ళు, ఎంతో దూరం లేదు. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలో కొలువుకు వచ్చిన అరబ్బుల సంతతి అక్కడ ఉంది. పొట్ట చేతపట్టుకుని మన గడ్డకు వచ్చిన అరబ్బులు వాళ్ళు. 1948 తర్వాత ఆ కొలువులు పోయాయి. ఆ ఇళ్ళ నుంచి తర్వాతి తరాల్లో ఎందరో పని వెతుక్కుంటూ గల్ఫ్ వెళ్ళారు. అటూ ఇటూ రెండు దారులూ నడిచినవాళ్ళ మాట వింటే నీకు చాలా విషయాలు స్పష్టపడతాయి.

ఇదంతా చెప్పి, యజమానిని మంచివాణ్ణి చేయమంటున్నానని అనుకోవద్దు. జీతం ఎగ్గొట్టినవాడు, పాస్‌పోర్టు బీరువాలో దాచినవాడు మన కథల్లో ఉండి తీరాలి. యజమాని అనుమతి లేకుండానే పని మారే వీలు ఖతార్ 2020లో కల్పించింది. 2021 మార్చి నుంచి నెలకు వెయ్యి రియాళ్ళ కనీస వేతనం అమలులోకి తెచ్చింది. పాస్‌పోర్టు దాచుకోవడాన్ని అక్కడి చట్టం కూడా ఒప్పుకోదు. కాగితం మీది చట్టానికీ గేటు పక్క గదికీ మధ్య ఎంత దూరం ఉందో నీకంటే బాగా ఎవరు చెప్పగలరు? కోపంగా రాయి. అయితే ఆ కోపం ఫలానా పని చేసిన ఫలానా మనిషి మీద, అతనికి అంత అధికారం ఇచ్చిన ఏర్పాటు మీద ఉండాలి. జాతి మొత్తం మీదికి మళ్ళిందంటే అసలు దోషులు తప్పించుకుంటారు. నర్సయ్యను అప్పుల్లో దింపిన ఏజెంటు మీ జిల్లావాడే, మీ యాసలోనే మాట్లాడి నమ్మించాడు. నీ కథలో అతనికి రెండు వాక్యాలు కూడా దక్కలేదు.

ఇంకొక్కటి. కథను ఇంగ్లీషులోకి అనువాదం చేయించాలని ఉందన్నావు. అందుకేనేమో, బతుకమ్మ అంటే ఏమిటో నర్సయ్య భార్య ఫోనులో మొగుడికే వివరిస్తోంది. ఏ భార్యా అలా మాట్లాడదు. ఈసారి గునుగు పూలు దొరకలేదని ఆమె విసుక్కుంటే సరిపోతుంది. అనువాదకుడి పని అనువాదకుడు చూసుకుంటాడు.

తిరగరాసే ముందు ఆ మజ్లిస్ దృశ్యాన్ని పెద్దాయన వైపు నుంచి ఒకసారి రాసి చూడు. కథలో పెట్టడానికి కాదు, నీకోసం. ఆయనకు నర్సయ్య ఎలా కనిపిస్తాడు? మనవాళ్ళు తల ఊపే తీరు చూసి, అవునంటున్నాడో కాదంటున్నాడో తెలియక ఎంత తికమకపడి ఉంటాడు? పెద్దవాళ్ళ ముందు కాదనలేక నర్సయ్య ‘సరే’ అని, తర్వాత ఆ పని చేయలేకపోతే, అబద్ధాలకోరని ఆయన అనుకోడా? కసురుకునే గొంతు ఉంచాలో తీసివేయాలో అది రాశాక నీకే తెలుస్తుంది.

రంజాన్ నెలలో నీకు రాత్రి డ్యూటీలు ఎక్కువ ఉంటాయన్నావు కాబట్టి తొందరపెట్టను. వీలైనప్పుడే రాయి. చేత్తో రాసినా సరే, పేజీలు ఫొటో తీసి పంపు. ఏజెంటు దృశ్యం ఎక్కడ చేర్చాలో నాకో ఆలోచన ఉంది. కొత్త ప్రతి చదివాక ఫోనులో మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో